ఇంజిన్ ఆయిల్ మూత: ఒకటి పోయి, రెండు మార్చి, నాలుగేళ్లు వాడాక

2021 నవంబరులో నాన్నగారితో కలిసి హైదరాబాద్ నుంచి విజయవాడ బయలుదేరాను. ముందురోజు సాయంత్రమే కారుకు ఇంజిన్ ఆయిల్ మార్పించాను. చౌటుప్పల్ దాటుతుండగా నాన్నగారు, "ఏదో నూనె మాడుతున్న వాసన వస్తోంది, చూడు" అన్నారు. పక్క పొలాల్లో ఏదో కాలుస్తున్నారనుకున్నాను. పంతంగి టోల్ దగ్గర వరుసలో ఆగేసరికి బానెట్ అంచుల నుంచి సన్నటి నీలి పొగ లేచింది. టోల్ దాటగానే రోడ్డు పక్కన ఆపి బానెట్ ఎత్తాను. ఇంజిన్ పైభాగమంతా కొత్త ఆయిల్‌తో మెరుస్తోంది. బానెట్ లోపలి వైపు నుంచి చుక్కలు చుక్కలుగా కారుతోంది. ఆయిల్ పోసే చోట మూత లేదు. రెండు వేళ్లు దూరేంత రంధ్రం, అందులోంచి చూస్తే తడిసిన కామ్‌షాఫ్ట్ (ఇంజిన్ వాల్వులను తెరిచే కడ్డీ).

ఆ రోజు నుంచి ఇప్పటివరకు ఆ రంధ్రం మీద ముఖ్యంగా మూడు రకాల మూతలు వాడాను. ఒకటి రోడ్డు మీద కట్టుకున్నది, ఒకటి దారిలో కొన్నది, ఒకటి కంపెనీది. మాది 998 సీసీ, మూడు సిలిండర్ల వ్యాగన్ ఆర్ పెట్రోల్ కారు. అప్పటికి 61,000 కిలోమీటర్లు తిరిగింది. ఇది చాలా చిన్న వస్తువు, కానీ ఇలాంటి స్థితిలో చిక్కుకున్నవారికి ఆ గంటలో ఏం చేయాలో తెలియడం చాలా అవసరం. నాకు ఆ రోజు తెలియలేదు.

ముందు ఆయిల్ ఎందుకు అలా చిమ్ముతుందో చెబుతాను. మూత ఉండేది టాపెట్ కవర్ మీద, అంటే ఇంజిన్ పైభాగాన్ని కప్పే తొడుగు మీద. దాని కిందే కామ్‌షాఫ్ట్ తిరుగుతూ ఉంటుంది. క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ప్రధాన కడ్డీ) రెండు చుట్లు తిరిగితే కామ్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరుగుతుంది. అంటే ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నప్పుడు అది 1,500 చుట్లు తిరుగుతూ ఆయిల్‌ను నలువైపులా విసురుతుంది. నిదానంగా పోతే తుంపరలే పడతాయి. హైవే మీద ఎనభై, తొంభై వేగంతో పోతే మాత్రం గుక్కలు గుక్కలుగా బయటికి వస్తుంది. ఆ ఆయిల్ ఎగ్జాస్ట్ గొట్టం మీది రేకుపై పడి మాడుతుంది. మాకు వచ్చిన వాసన అదే. ఇంజిన్ ఆయిల్ ఆవిరి నిప్పు అంటుకోవడానికి సుమారు 200 డిగ్రీలు దాటిన వేడి కావాలి. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి వచ్చే మొదటి గొట్టం) అంతకంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. అందుకే పొగ కనిపించాక "కొంచెం దూరమే కదా" అని నడపకూడదు.

చాలామందికి తెలియని విషయం మరొకటి ఉంది. డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ దీపం వెలగలేదు కాబట్టి ఆయిల్ సరిపడా ఉందనుకోవడం తప్పు. ఆ దీపం ఒత్తిడి పడిపోతేనే వెలుగుతుంది, మట్టం తగ్గినందుకు కాదు. నా కారులో అది చివరిదాకా వెలగనే లేదు. పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం కొలిచే పుల్ల) తీసి చూస్తే ఆయిల్ కింది గీతకు కొద్దిగా దిగువన ఉంది. చాలా కార్లలో పై గీతకూ కింది గీతకూ మధ్య తేడా దాదాపు ఒక లీటరు. ముందురోజు పై గీత దాకా నింపించిన ఆయిల్ అది. హైదరాబాద్ నుంచి పంతంగి చేరేలోపు లీటరు పైనే పోయిందన్నమాట.

మూత కోసం అక్కడే వెతికాను. బ్యాటరీ పళ్లెం, వైపర్ల కింది జాలీ, ఇంజిన్ కింది ప్లాస్టిక్ పలక, అన్నీ చేత్తో తడిమాను. మూత అలాంటి చోట్లే చిక్కుకుని దొరకడం మామూలే. మాకు దొరకలేదు.

టోల్ పక్కన పంక్చర్ షాపు ఉంటే అక్కడికి నడిచి వెళ్లాను. షాపులో ఉన్న పెద్దాయన ముందు గుడ్డ ముక్క ఇచ్చి కుక్కమన్నారు. నేను ఒప్పుకోలేదు, ఆ విషయంలో ఇప్పటికీ నాకు సంతోషమే. గుడ్డ ఆయిల్ పీల్చుకుని దీపం వత్తిలా తయారవుతుంది. పోగులు ఊడి లోపల పడితే ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడతాయి. పాలిథిన్ కవర్ కూడా పనికిరాదు, ఇంజిన్ వేడికి మెత్తబడిపోతుంది. మా దగ్గర అమ్మ పులిహోర చుట్టి ఇచ్చిన అల్యూమినియం రేకు ఉంది. దాన్ని శుభ్రంగా తుడిచి నాలుగు మడతలు వేసి రంధ్రం మీద పరిచి, అంచులు కిందికి నొక్కాను. దాని మీద సైకిల్ ట్యూబు ముక్క పెట్టి, రంధ్రం అంచు చుట్టూ ఇనుప తీగతో బిగించి కట్టాం. పెద్దాయన డబ్బు తీసుకోలేదు.

ఆ కట్టుతో గంటకు యాభై దాటకుండా చిట్యాల చేరి, లీటరు ఆయిల్ కొని, కట్టు విప్పి పోసి, మళ్లీ కట్టి సూర్యాపేట దాకా వెళ్లాం. ప్రతి ఇరవై కిలోమీటర్లకూ ఆగి చూశాను. ఆయిల్ కారలేదు, కొద్దిగా చెమ్మ మాత్రం పట్టింది. కానీ సూర్యాపేటలో విప్పేసరికి సైకిల్ ట్యూబు అంచులు ఉబ్బి, వేళ్లకు అంటుకునేంత జిగటగా మారాయి. మామూలు రబ్బరుకూ ఇంజిన్ ఆయిల్‌కూ పొత్తు కుదరదని అక్కడ కళ్లారా చూశాను. కాబట్టి ఈ కట్టు దగ్గర్లోని షాపు చేరడానికే. దానితో రెండో రోజు నడపవద్దు.

సూర్యాపేటలో స్పేర్ పార్టుల షాపులో కంపెనీ మూత లేదు. కంపెనీ పేరు లేని నల్లటి మూత 70 రూపాయలకు ఇచ్చారు. చక్కగా పట్టింది, విజయవాడ వెళ్లి తిరిగి వచ్చాం. నేను కూడా సమస్య తీరిందనే అనుకున్నాను. ఆ మూతను ఏడు నెలలు, ఆరు వేల కిలోమీటర్లు వాడాను. దాని గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: మూత ప్లాస్టిక్‌లో లోపం లేదు, దాని కింది సీల్‌లోనే, అంటే రబ్బరు రింగులోనే లోపమంతా. మూడో నెల నుంచి మూత చుట్టూ మట్టి అంటిన ఆయిల్ వలయం కట్టడం మొదలైంది. తుడిస్తే వారంలో మళ్లీ వచ్చేది. ఐదో నెలలో ఇంజిన్ ఐడ్లింగ్ (కారు ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే తీరు) మారింది. అంతకుముందు నిమిషానికి 800 చుట్ల దగ్గర నిలబడే మీటరు ముల్లు సిగ్నల్ దగ్గర వెయ్యికి ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కేది. మైలేజీ కొంచెం తగ్గినట్టు కూడా అనిపించింది, లెక్క రాసుకోలేదు కాబట్టి దాన్ని గట్టిగా చెప్పను.

మెకానిక్‌లు ఇద్దరు థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ద్వారం) శుభ్రం చేయించమన్నారు. ఒకసారి చేయించాను, మారలేదు. ఒక ఆదివారం ఇంటి దగ్గర ఇంజిన్ నడుస్తుండగా బానెట్ ఎత్తి చెవి పెట్టి విన్నాను. మూత దగ్గర సన్నగా బుసకొట్టినట్టు చప్పుడు వినిపించింది. బొటనవేలితో మూతను గట్టిగా నొక్కితే చప్పుడు ఆగింది, ఇంజిన్ మోత కూడా దిగి నిలకడగా మారింది. వేలు తీస్తే మళ్లీ మొదటికి. పెట్రోల్ ఇంజిన్‌లో లోపల చేరే ఆవిర్లను పీసీవీ వాల్వు అనే చిన్న కవాటం ద్వారా ఇంటేక్ వైపు, అంటే ఇంజిన్ గాలి పీల్చే వైపు, లాక్కునే ఏర్పాటు ఉంటుంది. అందువల్ల ఐడ్లింగ్‌లో మూత కింద గాలి లోపలికి లాగుతూ ఉంటుంది. సీల్ వదులైతే ఎయిర్ ఫిల్టర్ దాటి రాని గాలి, దానితోపాటు దుమ్ము, అక్కడి నుంచి లోపలికి పోతుంది. మన రోడ్ల దుమ్ములో ఇసుక ఎంతుంటుందో తెలిసిందే. అది ఆయిల్‌లో కలిస్తే బేరింగులను అరగదీస్తుంది. ఆయిల్ బయటికి రావడం కంటికి కనిపిస్తుంది. దుమ్ము లోపలికి పోవడం కనిపించదు, నాకు ఎక్కువ భయం కలిగించింది అదే.

మూత విప్పి చూస్తే సీల్ ఒకవైపు చదునుగా అణిగిపోయి, గోరుతో నొక్కితే గుంట కూడా పడనంత గట్టిపడింది.

2022 జూన్‌లో మళ్లీ విజయవాడ వెళ్లినప్పుడు అక్కడి వాహనాల మరమ్మతుల కేంద్రం ఆటోనగర్‌లో కంపెనీ మూత కొన్నాను. 190 రూపాయలు. కారు మోడల్ పేరు చెప్పి అడగవద్దు, ఛాసిస్ నంబరు చూపించి తీసుకోండి. ఒకే పేరుతో అమ్ముడైన కారులో ఏళ్లు మారినకొద్దీ ఇంజిన్లు మారాయి, మూతలు కూడా మారాయి. దాదాపుగా పట్టే మూత సరిగ్గా పట్టే మూత కాదు. ప్యాకెట్ మీద పార్టు నంబరు, ధర, తయారీ నెల ముద్రించి ఉన్నాయో లేదో చూడండి. మూత మీద ఆయిల్ గ్రేడు రాసి ఉంటే అది మీ కారు పుస్తకంలో ఉన్నదానితో సరిపోవాలి. లేకపోతే తర్వాత ఆయిల్ మార్చే మనిషి ఆ అంకె చూసి వేరే ఆయిల్ పోసే ప్రమాదం ఉంది.

ఆ మూతతో ఇప్పటికి 38,000 కిలోమీటర్లు తిరిగాను. బిగించిన రోజే ముల్లు 800కు వచ్చి నిలిచింది. రెండు వేసవులు, రెండు వానాకాలాలు గడిచేవరకు మూత చుట్టూ తెల్ల కాగితంతో తుడిస్తే దుమ్మే వచ్చింది, ఆయిల్ మరక రాలేదు. సుమారు 30,000 దగ్గర మొదటిసారి లేత మరక కనిపించింది. మూత మార్చలేదు, సీల్ ఒక్కటే మార్చాను. పాతది తీసుకెళ్లి కొలత చూపిస్తే వైటన్ అనే వేడిని తట్టుకునే రబ్బరుతో చేసిన గోధుమ రంగు రింగు 40 రూపాయలకు దొరికింది. మామూలు నైట్రైల్ రబ్బరు కంటే ఇది వేడిని చాలా ఎక్కువ తట్టుకుంటుంది. బిగించే ముందు రంధ్రం అంచు, సీల్ రెండూ తుడిచి, సీల్ మీద ఒక చుక్క ఆయిల్ రాయండి. బిగించడం చేత్తోనే, ఆగేదాకా తిప్పితే చాలు. పానాతో బిగిస్తే ప్లాస్టిక్ చెవులు విరుగుతాయి. మా బంధువొకరు మెరిసే అల్యూమినియం మూత ఇచ్చారు, ఒక వారం పెట్టి తీసేశాను. ఇంజిన్ ఆపిన వెంటనే దాన్ని ముట్టుకోలేం, అంతకు మించి దాని వల్ల ఒరిగిందేమీ లేదు.

మొదటి ప్రయాణం తర్వాత నేను చేసిన పొరపాటు ఒకటి రాయాలి. ఇంజిన్ పైన తుడిపించాను కానీ పక్కన ఉన్న ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసే యంత్రం) బెల్టును చూసుకోలేదు. ఆయిల్ తాగిన బెల్టు రెండు వారాలకు ఉదయం స్టార్ట్ చేయగానే కీచుమనడం మొదలుపెట్టింది, మార్పించాల్సి వచ్చింది. మూత పోయి ఆయిల్ చిమ్మితే బెల్టు, వైర్ల కనెక్టర్లు, ఇంజిన్‌ను మోసే రబ్బరు దిమ్మెలు (మౌంటులు) తప్పక చూడండి. ప్రెషర్ నీళ్లతో కడిగించేటప్పుడు మూత బిగించి ఉందో లేదో ముందు చూసుకోండి.

ఆటోనగర్‌లోనే ఒక పెద్ద మెకానిక్ ఆయిల్ మార్చే పద్ధతి చూశాను. మూత విప్పగానే దాన్ని బానెట్ తాళం కొక్కెం మీద పెట్టారు. "ఇక్కడ పెడితే బానెట్ పడదు సార్, మరిచిపోవడం కుదరదు" అన్నారు. ఇప్పుడు నా కారుకు ఎక్కడ ఆయిల్ మార్చినా మూతను అక్కడే పెట్టమని అడుగుతాను. పని అయ్యాక ఇంజిన్ రెండు నిమిషాలు నడిపించి, ఆపి, డిప్‌స్టిక్ చూసి, మూతను చేత్తో ఒకసారి తిప్పి చూసి బానెట్ మూస్తాను. పాత సూర్యాపేట మూతకు కూడా కొత్త సీల్ వేసి, గుడ్డలో చుట్టి డిక్కీలో స్టెప్నీ పక్కన పెట్టాను. దానితోపాటు అర లీటరు ఆయిల్ డబ్బా కూడా ఉంది.