దీవి మీద ఇల్లు: నగరం కింద ఉన్నది మేలా, సొంత టౌన్ ఉన్నది మేలా?

మేన్ రాష్ట్రంలో దీవి మీద చిన్న ఇల్లు చూస్తున్నాం, ఎక్కడ కొనమంటారు అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. బాస్టన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లే చాలామంది. వేసవిలో పిల్లల్ని తీసుకెళ్లడానికని కొందరు, ఎలాగూ ఇంటి నుంచే ఉద్యోగం కాబట్టి అక్కడే స్థిరపడదామని కొందరు. అందరూ మొదట అడిగేది మాత్రం ఒకటే: "ఏ దీవిలో మిల్ రేటు తక్కువ?" ఇంటి విలువలో వెయ్యి డాలర్లకు ఇన్ని డాలర్ల పన్ను అని చెప్పే ఆ అంకెను పట్టుకుని దీవిని ఎంచుకుంటే లెక్క తలకిందులవుతుంది.

మేన్ తీరంలో పోర్ట్‌లండ్ నగరం ముందున్న కాస్కో బే అనే అఖాతంలో మనవాళ్లు చూసే దీవులు రెండు రకాలు. పీక్స్ ఐలండ్ పోర్ట్‌లండ్ నగరంలో భాగం. లాంగ్ ఐలండ్, షబీగ్ ఐలండ్ మాత్రం సొంత టౌన్లు, అంటే తమ పన్ను, తమ బడ్జెట్ తామే తేల్చుకునే స్థానిక పాలన ఉన్నవి. లాంగ్ ఐలండ్ అంటే న్యూయార్క్ పక్కనున్నది కాదు, రెండొందల పైచిలుకు జనం ఉండే చిన్న దీవి. ఇదీ ఒకప్పుడు పోర్ట్‌లండ్‌లోనే ఉండేది, 1993 జులై 1న విడిపోయింది. షబీగ్ 1821 నుంచి కంబర్లండ్ అనే టౌన్ కింద ఉండి 2007 జులై 1న బయటికొచ్చింది. 2020 జనాభా లెక్కల్లో అక్కడ ఉన్నది నాలుగొందల లోపే.

సేవల చిట్టా వేస్తే పీక్స్‌దే పైచేయి. సెబేగో సరస్సు నీళ్లు సముద్రం అడుగున వేసిన గొట్టంలో దీవిదాకా వస్తాయి. చాలా ఇళ్లకు మురుగు కాలువ కూడా ఉంది. పోలీసు, ఫైర్ స్టేషన్, ప్రాథమిక పాఠశాల, నగర గ్రంథాలయానికి ఒక శాఖ, అన్నీ నగరమే చూసుకుంటుంది. లాంగ్, షబీగ్ దీవుల్లో బావి మీది, సెప్టిక్ ట్యాంకు మీది. అగ్నిమాపక దళంలో ఉండేది మీ పక్కింటివాళ్లు, రేపోమాపో మీరూ ఉండాల్సి రావచ్చు. పడవల విషయంలో మాత్రం పెద్ద తేడా లేదు. పీక్స్‌కూ లాంగ్‌కూ పడవ నడిపే కాస్కో బే లైన్స్ ఏ టౌన్‌దీ కాదు, 1981లో శాసనసభ ఏర్పాటు చేసిన ప్రత్యేక రవాణా సంస్థ. షబీగ్‌కు ఆ పడవతో పాటు యార్మత్ వైపు నుంచి ఇంకో చిన్న పడవ కూడా ఉంది.

మరి ఇన్ని సౌకర్యాలున్న పీక్స్ జనం విడిపోతామని ఎందుకు పట్టుబట్టారు? 2006లో దీవి ఓటర్లలో ఎక్కువమంది సొంత టౌన్‌కే మొగ్గారు. దీని వెనక ఆస్తుల విలువ తిరిగి కట్టడం అనే తంతు ఉంది. అది అర్థమైతే మిల్ రేటు మీద మోజు దానంతటదే తగ్గుతుంది.

ఊళ్లో రెండే ఇళ్లున్నాయనుకోండి, ఒకటి దీవిలో, ఒకటి ఒడ్డున. రెండూ చెరో ఐదు లక్షల డాలర్లు. ఊరి ఖర్చు ఏడాదికి పది వేలు. వెయ్యికి పది చొప్పున ఇద్దరూ చెరో ఐదు వేలు కడతారు. కొన్నేళ్లకు విలువలు మళ్లీ కట్టారు. సముద్రం కనిపించే దీవి ఇల్లు పది లక్షలైంది, ఒడ్డున ఉన్నది ఆరు లక్షలైంది. ఊరి ఖర్చు అదే పది వేలు. ఇప్పుడు రేటు వెయ్యికి 6.25. బాగా తగ్గింది కదా! కానీ దీవి యజమాని కట్టేది 6,250, ఒడ్డువాడు కట్టేది 3,750. ఊరికి అదనంగా ఒక్క డాలరు కూడా రాలేదు, బరువు మాత్రం ఒక భుజం మీది నుంచి ఇంకో భుజం మీదికి మారింది. నగరం కింద ఉన్న దీవికి ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది, ఎందుకంటే నీటి ఒడ్డు విలువ మిగతా ఊరి కంటే వేగంగా పెరుగుతుంది. పోర్ట్‌లండ్ నగరమంతటా 2021లో మళ్లీ విలువ కట్టారు. ఆ ఏటికి ముందూ తర్వాతా బిల్లులు పక్కపక్కన పెట్టి చూడకుండా పీక్స్‌లో ఇల్లు కొనకండి.

ఊరంతా దీవే అయితే అందరి విలువలూ ఇంచుమించు కలిసే పెరుగుతాయి, రేటు ఆ మేరకు దిగుతుంది, బిల్లు పెద్దగా కదలదు. సొంత టౌన్ వైపు వాదించేవాళ్ల బలమైన మాట ఇదే. నిజమే, కానీ పూర్తి నిజం కాదు. మన జిల్లా లాంటి కౌంటీకి కట్టే పన్నును టౌన్ల మధ్య పంచేది రాష్ట్రం కట్టిన మొత్తం విలువను బట్టి. బడులకు రాష్ట్రం ఇచ్చే సాయం కూడా ఆ విలువ చూసే. సముద్రతీరపు ఆస్తులే తప్ప వేరే ఏమీ లేని ఊరు కాగితం మీద శ్రీమంతురాలిగా కనిపిస్తుంది. కౌంటీకి ఎక్కువ కట్టాలి, బడికి సాయం తక్కువ వస్తుంది. అంటే తలుపు మూసినా ఆ బరువులో కొంత కిటికీలోంచి లోపలికొస్తుంది.

ఇక్కడిదాకా డబ్బు లెక్క. నా మటుకు నాకు అసలు తేల్చాల్సింది ఇది కాదు. మీరు లేకుండా బతకలేని సేవ ఏది, దాన్ని ఆపే అధికారం ఎవరి చేతిలో ఉంది, ఆ చేతిని పట్టుకునే ఓటు మీకుందా అన్నది అసలు ప్రశ్న.

షబీగ్ చరిత్ర చూడండి. వాళ్లను బయటికి నడిపింది బడి, పన్ను కాదు. దీవి బడిలోని పై తరగతుల పిల్లల్ని ఒడ్డుకు మార్చే ఆలోచన స్కూల్ డిస్ట్రిక్ట్‌లో, అంటే ఆ ప్రాంతపు బడులన్నీ నడిపే సంస్థలో, మొదలైంది. అధికారుల దృష్టిలో అది మామూలు పొదుపు. కానీ ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్ల రోజూ పడవెక్కి బడికి వెళ్లాలంటే చిన్న పిల్లలున్న కుటుంబాలు దీవి మీద ఉండవు. కుటుంబాలు లేకపోతే అంబులెన్స్ నడిపేవాళ్లుండరు, చలికాలంలో దుకాణం తెరిచేవాళ్లుండరు. కంబర్లండ్ ఓటర్లలో దీవివాళ్లు పిడికెడు. ఎంత మంచివాళ్లైనా ఒడ్డున ఉన్నవాళ్లు తమ బడ్జెట్ తాము చూసుకుంటారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. బడి తాళంచెవి తమ దగ్గరే ఉండాలంటే సొంత టౌన్ తప్ప దారి లేదని షబీగ్ అనుకుంది. హైస్కూలు పిల్లలు ఇప్పటికీ ఒడ్డుకే వెళ్లాలి. కానీ చిన్న బడి ఉండాలా వద్దా అన్నది ఇప్పుడు దీవి మీదే తేలుతుంది.

పీక్స్‌కు ఆ అవకాశం దక్కలేదు. మేన్‌లో విడిపోవాలంటే చివరి మాట రాష్ట్ర రాజధాని ఆగస్టాలోని శాసనసభది. 2007లో శాసనసభ పీక్స్‌కు ఒప్పుకోలేదు. దానికి బదులు పీక్స్ ఐలండ్ కౌన్సిల్ అనే సలహా మండలి వచ్చింది. సలహా మండలి అంటే తెలుసుగా, చెబితే వింటారు, వినకపోతే చేసేదేమీ లేదు. అందుకే "ఇప్పుడు పీక్స్‌లో కొంటాం, తర్వాత ఎలాగూ విడిపోతుంది" అనేవాళ్లకు ఒక మాట: ఆ ఆశకు విలువ కట్టి ఇల్లు కొనొద్దు. పైగా విడిపోయిన చోటా ఆస్తులు, అప్పులు పంచుకునే ఒప్పందం ఒకటి ఉంటుంది. ఆ పంపకాలు ఎంతకాలం సాగుతాయో మన రెండు రాష్ట్రాలవాళ్లకు వేరే చెప్పాలా!

సొంత టౌన్ వచ్చినంత మాత్రాన అన్నీ చేతికి రావని చెప్పడానికి ఫ్రై ఐలండ్ ఉంది. ఇది సముద్రంలో కాదు, సెబేగో సరస్సులో. పూర్తిగా వేసవి ఊరు: చలికాలంలో నీళ్లు కట్టేస్తారు, పడవ ఆపేస్తారు. స్టాండిష్ టౌన్‌కు పన్ను కడుతున్నాం, తిరిగొచ్చేది అంతంతమాత్రం అన్న బాధతో 1998లో సొంత టౌన్ అయింది. పడవ, రోడ్లు, నీళ్లు అన్నీ తామే చూసుకుంటున్నారు. కానీ స్కూల్ డిస్ట్రిక్ట్‌లోంచి మాత్రం బయటపడనివ్వలేదు. బడికి వెళ్లే పిల్లలే లేని దీవి, ఆస్తి విలువను బట్టి బడి వాటా కడుతూ వచ్చింది. కోర్టుకెళ్తే 2008లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఆ ఏర్పాటు చెల్లుతుందని తీర్పిచ్చింది. పిల్లలున్నవాళ్లే బడి పన్ను కట్టాలనే వాదనతో నేనూ ఏకీభవించను. కానీ ఫ్రై ఐలండ్‌లో ఇల్లు చూసేవాళ్లు, బిల్లులో పెద్ద ముక్క తమ టౌన్ నిర్ణయించేది కాదని తెలుసుకునే సంతకం పెట్టాలి.

ఇక ఓటు. మనవాళ్లలో చాలామంది దీని గురించి ఆలోచించరు. మేన్‌లో స్థానిక ఓటు అక్కడ నివాసం ఉన్న అమెరికా పౌరులకే. వేసవి ఇల్లున్నవాళ్లకు, ఎంత పన్ను కట్టినా, ఓటు లేదు. గ్రీన్‌కార్డు మీదో, హెచ్1బీ మీదో ఉన్నవాళ్లు ఏడాది పొడవునా అక్కడే ఉన్నా లేదు. ఊరి ఓటర్లు కూర్చుని నిర్ణయాలు తీసుకునే టౌన్ మీటింగ్‌లో కూర్చోవచ్చు, కానీ ఓటరు కానివాళ్లు నోరు విప్పాలంటే హాజరైన ఓటర్లలో మూడింట రెండొంతుల మంది సరేననాలి. చిన్న ఊళ్లో అది సాధారణంగా దొరుకుతుంది, పక్కింటివాణ్ని ఎవరు కాదంటారు. అయినా దయతో దొరికేది హక్కు కాదు. ఓటు లేనివాళ్లకూ ఉన్న హక్కు ఒకటుంది: ఇంటి విలువ ఎక్కువ కట్టారనిపిస్తే, పన్ను ఖరారైన రోజు నుంచి 185 రోజుల్లోపు తగ్గింపు కోసం అర్జీ పెట్టుకోవచ్చు. విలువ కట్టేది ఏప్రిల్ 1 నాటి స్థితిని బట్టి. శాశ్వత నివాసం అక్కడే అయి, కనీసం ఏడాదిగా మేన్‌లో సొంతిల్లు ఉంటే, హోమ్‌స్టెడ్ అనే సొంతింటి రాయితీ కింద 25,000 డాలర్ల విలువ మినహాయిస్తారు. వేసవి ఇంటికి అది రాదు.

కెనడాలో బ్రిటిష్ కొలంబియా పద్ధతి వేరు. అక్కడ ఊరి బయట ఉండే యజమానికీ, ఆ రాష్ట్రంలోనే నివాసముండే కెనడా పౌరులైతే, ఆస్తికి ఒకరి చొప్పున స్థానిక ఓటుంటుంది. ఆ రాష్ట్రంలోనే బోవెన్ ఐలండ్ 1999లో మున్సిపాలిటీ అయింది. సాల్ట్ స్ప్రింగ్ ఐలండ్ 2017లో రెఫరెండం పెట్టి వద్దనుకుంది. మున్సిపాలిటీ అయితే రోడ్ల భారం రాష్ట్రం మీది నుంచి తమ మీదికి వస్తుంది. జనాభా ఐదు వేలు దాటిన ఊరు కాబట్టి పోలీసు ఖర్చులోనూ పెద్ద వాటా పడుతుంది.

సొంత టౌన్‌కు నేను భయపడే చోటు డబ్బు కాదు, మనుషులు. మూడు నాలుగొందల మందిలోంచి సెలెక్ట్ బోర్డు అనే ఎన్నికైన పాలక మండలి, క్లర్కు, పన్ను మదింపు చూసేవాళ్లు, రోడ్ల బాధ్యుడు, నిర్మాణ నిబంధనలు చూసేవాడు, ప్లంబింగ్ ఇన్‌స్పెక్టర్, చట్టప్రకారం ఉండాల్సిన ఆరోగ్యాధికారి, అందరూ రావాలి. పేదవాళ్లకిచ్చే సహాయ పథకం కూడా టౌన్‌దే. ఒకే మనిషి మూడు టోపీలు పెట్టుకుంటాడు. ఆయన మకాం మార్చినా, మంచాన పడ్డా ఆఫీసు సగం ఆగుతుంది. అందుకే ఇల్లు చూసే ముందు గత రెండు మూడేళ్ల టౌన్ వార్షిక నివేదికలు తెప్పించుకుని, పదవుల పట్టికలో ఖాళీలెన్ని, ఒకే పేరు ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. మిల్ రేటు చెప్పని సంగతులు అది చెబుతుంది.

మిగతావి క్లుప్తంగా. మన్‌హీగన్, మటినికస్ లాంటివి ప్లాంటేషన్లు, అంటే టౌన్ కంటే చిన్న స్థాయి పాలన. సముద్రంలో చాలా దూరం, చలికాలం గట్టివాళ్లకే. యజమానుల సంఘం మాత్రమే ఉన్న దీవులూ ఉన్నాయి. సంఘం రుసుము టౌన్ పన్నుకు అదనం, బదులు కాదు. ఈ రెండూ మొదటిసారి కొనేవాళ్లకు నేను చెప్పను.

పౌరసత్వం ఉండి, చిన్న పిల్లలతో ఏడాదంతా ఉండదలిచినవాళ్లకు షబీగ్ చెబుతాను. బావి మోటారు పాడైతే మీరే చూసుకోవాలి, మీటింగులకు వెళ్లాలి, ఏదో ఒక కమిటీలో ఇరుక్కుంటారు. కానీ బడి గురించి చేయెత్తేటప్పుడు మీ చేయి నాలుగొందల్లో ఒకటి, పోర్ట్‌లండ్‌లో అరవై ఎనిమిది వేల పైచిలుకు జనంలో ఒకటి కాదు. వారాంతాలకు వెళ్లొచ్చేవాళ్లకు, ఓటు ఎలాగూ లేనివాళ్లకు పీక్స్ సుఖం. కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి, ఆఖరి పడవ దాటిపోతే ఒడ్డున హోటళ్లున్నాయి. వాళ్లు చేయాల్సిందల్లా ఆస్తుల విలువ మళ్లీ కట్టే రోజుకు ఇప్పటినుంచే కొంత పక్కన పెట్టుకోవడం. లాంగ్ ఐలండ్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది, కొనడానికి ఇల్లు దొరికితే.