కొండపల్లి అడవి బాటల్లో మౌంటెన్ సైకిలు: కొన్నేళ్లు తొక్కాక నా అంచనా

విజయవాడ దగ్గర మౌంటెన్ సైకిలు తొక్కదగిన అడవి బాటలు ఉన్నాయా అని అడిగేవారికి ఉన్నాయనే చెబుతాను, అయితే వాటిని సైకిళ్ల కోసం ఎవరూ వేయలేదన్న సంగతి కూడా వెంటనే చెబుతాను. ఇబ్రహీంపట్నం రింగు దాటి హైదరాబాదు రహదారిలో వెళ్తుంటే మూలపాడు దగ్గర కుడివైపున మొదలయ్యే కొండపల్లి అడవిలో గానీ, నగరానికి ఇవతలి వైపున కొత్తూరు తాడేపల్లి చుట్టూ ఉన్న గుట్టల్లో గానీ, ఉన్న దారులన్నీ మేకల మందలు, కట్టెలకు వెళ్లేవారు, ఎడ్లబండ్లు, అటవీ శాఖ జీపులు తిరగ్గా తిరగ్గా పడినవే. ముందు చక్రాన్ని పట్టి ఉండే ఫోర్కుకు మాత్రమే సస్పెన్షన్ (కుదుపులను మింగే అమరిక) ఉన్న 29 అంగుళాల చక్రాల సైకిలు మీద ఈ దారులను అన్ని కాలాల్లోనూ చూశాను. ఒక బాట బాగుందా లేదా అన్నది దాని ఎత్తును బట్టో పొడవును బట్టో తేలదని, వాన నీరు దాన్ని అడ్డంగా దాటిపోతుందా లేక దాని వెంటే పారుతుందా అన్నదాన్ని బట్టే తేలుతుందని నాకు అర్థమైంది.

ఈ మాట కొంచెం వివరించాలి. కొండ వాలుకు నిటారుగా, పై నుంచి కిందికి తిన్నగా దిగే బాట వాన పడగానే కాలువగా మారుతుంది. నీరు వేగం పుంజుకుని ముందు మట్టిని, తర్వాత గరుసును కొట్టుకుపోగా చివరికి పలుగురాళ్లు మాత్రమే మిగులుతాయి. వాలుకు అడ్డంగా, కొద్దికొద్దిగా ఎత్తు పెరుగుతూ సాగే బాట మీద నీరు పలుచని పొరలా జారి అవతలికి పోతుంది. సైకిలు బాటలు వేసే అంతర్జాతీయ సంఘం, అంటే 1988లో అమెరికాలో పుట్టిన ఇంటర్నేషనల్ మౌంటెన్ బైసికిలింగ్ అసోసియేషన్, చెప్పే సూత్రాలు కూడా ఇవే. బాట వాలు కొండ వాలులో సగానికి మించకూడదు, మొత్తం మీద సగటు వాలు పది శాతం దాటకూడదు, బాట అంచు పల్లం వైపుకు సుమారు అయిదు శాతం వంగి ఉండాలి. మూలపాడు వైపు మేకల బాటల్లో చాలా వరకు, ఏ కొలబద్దా లేకుండానే, ఈ లెక్కకు దగ్గరగా ఉంటాయి. మంద మేసుకుంటూ నడిచేటప్పుడు కొండకు అడ్డంగానే కదులుతుంది గనుక అలా పడ్డాయని నా ఊహ. యంత్రంతో నిటారుగా చదును చేసిన దారులు మాత్రం రెండు వానాకాలాలు కూడా ఆగవు.

దీనికి రుజువు 2024 ఆగస్టు ఆఖరున వచ్చింది. బుడమేరు పొంగి విజయవాడలో సగాన్ని ముంచిన ఆ వానకు కొండల్లో ఏమైందో నగరంలో ఎవరికీ పట్టలేదు, పట్టే పరిస్థితి కూడా కాదు. నీళ్లు తగ్గి, అడవిలోకి వెళ్లడానికి వీలు చిక్కాక చూస్తే, జీపులు తిరిగే వెడల్పాటి దారిలో ఒకచోట మోకాలి లోతు గండి పడి, వేర్లు బయటపడి, సైకిలు భుజాన వేసుకుని దాటాల్సి వచ్చింది. అక్కడికి కొద్ది దూరంలోనే, అదే వాలు మీద, జానెడు వెడల్పు మేకల బాట చెక్కుచెదరలేదు. దాని మీద ఆకులు, పుల్లలు అడ్డంగా పేరుకుని ఉన్నాయి తప్ప మట్టి కదల్లేదు. అప్పటి నుంచి కొత్త చోటికి వెళ్తే ముందు మేకలు కాసేవారిని వెతుక్కుంటున్నాను. ఒకాయన నా టైర్ల వంక చూసి, "బండి బాటన పోమాకండి బాబూ, అది వాగైపోయింది. మా మంద ఎక్కే దారిన పోండి, మెత్తగా ఉంటది" అన్నాడు. ఆ దారుల గురించి నేను విన్న సలహాల్లో అంతకు మించినది లేదు.

నేల స్వభావం చెప్పుకోవాలి. అడుగున గట్టి ఎర్ర నేల, దాని మీద గోళీల్లాంటి గులకలు పరుచుకుని ఉంటాయి. వేసవిలో ఈ గులకల మీద మలుపు తిరిగేటప్పుడు ముందు బ్రేకు పట్టుకుంటే చక్రం పక్కకు జారడం ఖాయం, కాబట్టి మలుపుకు ముందే వేగం తగ్గించి, మలుపులో రెండు బ్రేకులూ వదిలేయాలి. వెనక చక్రాన్ని బిగబట్టి ఈడ్చుకుంటూ దిగేవారు తమకు తెలియకుండానే బాటలో గాడి తవ్వుతారు. తర్వాతి వానకు నీరు ఆ గాడినే దారి చేసుకుంటుంది. కొత్తగా వచ్చేవారితో నాకున్న పేచీ ముఖ్యంగా ఇదే.

ఇక ముళ్ల సంగతి. ఈ అడవిలో సైకిలు తొక్కడమంటే సగం ముళ్లతో వ్యవహారమే. ఊళ్ల దగ్గర సర్కారు తుమ్మ, లోపల రేగు, పరికి, చేల గట్ల వెంబడి పల్లేరు కాయలు, ఇలా ఒకటి తప్పితే ఒకటి. మామూలు ట్యూబులతో మొదలుపెట్టినవారు ఒక సీజను తిరక్కుండానే విసిగిపోతారు. ట్యూబు తీసేసి, టైరులో ద్రవ సీలెంటు (చిల్లు పడితే దాన్ని పూడ్చే ద్రవం) పోసి ట్యూబ్‌లెస్‌గా మార్చుకున్నాక నా పంచర్ల బాధ దాదాపు తీరింది. గాలి కూడా తక్కువ పెట్టుకోవచ్చు. నా బరువుకు ముందు 22, వెనక 25 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) సరిపోతోంది, ఆ మెత్తదనానికి టైరు గులకలను పట్టుకుంటుంది. అయితే మన ఎండలకు సీలెంటు త్వరగా గడ్డకడుతుంది. సీసా మీద ఎన్ని నెలలని రాసి ఉన్నా, మార్చి నుంచి జూన్ దాకా తరచుగా టైరు ఊపి చూసి, లోపల ద్రవం కదిలే చప్పుడు రాకపోతే మళ్లీ పోయాలి. టైరులో ముల్లు కనబడితే అడవిలో పీకకూడదు. అది దానంతటదే బిరడాలా ఉండి గాలిని ఆపుతుంది గనుక ఇంటికి వచ్చాక పీకి, మొన విరిగి లోపల ఉండిపోయిందేమో వేలితో టైరు లోపలి వైపు తడిమి చూసుకోవాలి.

కాలాల్లో దసరా దాటాక మొదలై ఫిబ్రవరి దాకా సాగేది ఉత్తమం. వాన వెలిసిన రెండో రోజున నేల పట్టు ఎంత బాగుంటుందంటే, వేసవిలో కాలు కింద పెట్టాల్సి వచ్చిన ఎక్కుళ్లు కూడా ఒక్క ఊపులో ఎక్కగలిగాను. కార్తీకం దాకా గడ్డి నడుమెత్తు పెరిగి రాళ్లను కప్పేస్తుంది, గడ్డి గింజలు మేజోళ్లలోకి గుచ్చుకుంటాయి, పాముల భయమూ ఉంటుంది. సంక్రాంతికి గడ్డి ఎండి వాలిపోతుంది. మాఘ ఫాల్గుణాల్లో పొణికి చెట్లు ఆకు రాల్చి మోడై నిలబడతాయి. కొండపల్లి బొమ్మలు చెక్కేది ఈ తెల్లపొణికి కర్రతోనే.  రోహిణి కార్తెలో మాత్రం ఉదయం ఎనిమిది దాటాక ఈ రాతి కొండల మధ్య ఉండటం ప్రమాదమే, పైగా ఎండుటాకులకు నిప్పంటుకునే రోజులు అవి.

అనుమతి విషయంలో నిర్లక్ష్యం పనికిరాదు. ఇది రిజర్వు అడవి కాబట్టి 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వర్తిస్తుంది, అనుమతి లేకుండా లోపలికి పోవడం నేరం. మూలపాడు దగ్గర సీతాకోకచిలుకల పార్కు ఉన్న చోట సిబ్బందిని అడిగి, ఎటు వెళ్తున్నదీ చెప్పి వెళ్లడం నా అలవాటు. కొండల వెనక ఫోను సిగ్నలు ఉండదు, ఒంటరిగా వెళ్లకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

గుంటూరు వైపు ఉండేవారికి కొండవీడు ఉంది గదా అంటారు. రెడ్డిరాజుల కోట దాకా వేసిన ఘాట్ రోడ్డు ఎక్కుడు సాధనకు గొప్పది, పైన చెరువుల చుట్టూ కాస్త కాలిబాట కూడా ఉంది. అయితే అది తారు రోడ్డు ఆనందమే గానీ అడవి బాట ఆనందం కాదు. మంగళగిరి, ఉండవల్లి గుట్టలు నాకు పెద్దగా నచ్చలేదు, బాట ఊపందుకునేలోపే ఊరు వచ్చేస్తుంది.

సైకిలు గురించి రెండు మాటలు. ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్న ఖరీదైన సైకిలు ఈ బాటలకు అవసరం లేదు, ముందు వైపు 100 లేదా 120 మిల్లీమీటర్ల మేర కుంగే ఫోర్కు చాలు. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు మాత్రం ఉండి తీరాలి. వాన తర్వాతి బురదలో, ఇసుక రజనులో రెజిన్‌తో చేసిన మెత్తటి బ్రేకు ప్యాడ్లు చూస్తుండగానే అరిగిపోతాయి, లోహపు ప్యాడ్లు కాస్త కీచుమన్నా ఎక్కువ కాలం వస్తాయి. వేసవిలో చైనుకు చిక్కటి నూనె పూస్తే దుమ్మంతా పట్టి గేర్లను కొరికేస్తుంది, పొడి లూబు (దుమ్ము అంతగా అంటని కందెన) వాడాలి. మూలపాడు వైపుకు ఉదయం పూట వెళ్లడం మేలు, పడమటి వాలు చాలాసేపు కొండ నీడలోనే ఉంటుంది. తిరుగు ప్రయాణంలో రహదారి మీద థర్మల్ కేంద్రం బూడిద మోసే లారీల మధ్య తొక్కడం అడవిలో దిగిన ఏ వాలు కంటే కూడా ప్రమాదకరం కాబట్టి, నేను ఇప్పుడు సైకిలును కారు మీద కట్టుకుని వెళ్తున్నాను. కొత్తూరు తాడేపల్లికైతే ఆ అవసరం రాదు, పోలవరం కుడి కాలువ గట్టు మీదుగా తొక్కుకుంటూనే వెళ్లి రావచ్చు.