నాటల్ ఓడల జాబితా: ఏళ్ళ తరబడి వాడాక

దక్షిణాఫ్రికాలోని డర్బన్ తెలుగువాళ్ళు ముత్తాత ఊరు వెతుక్కోవాలంటే ముందు తెరవాల్సింది నాటల్ (డర్బన్ ఉన్న అప్పటి బ్రిటిష్ వలస రాజ్యం) ఓడల జాబితాయే. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ చేరింది మొదలు 1911 దాకా అక్కడ దిగిన లక్షన్నర పైచిలుకు ఒప్పంద కూలీల వివరాలు అందులో ఉన్నాయి. అక్కడి చుట్టాల కోసం, వాళ్ళ చుట్టాల కోసం శ్రీకాకుళంలో కూర్చుని ఏళ్ళుగా దాన్ని తిరగేస్తున్నా.

పేరుతో వెతక్కండి. అప్పడు, రాముడు, ఎల్లమ్మ అని కొడితే ఎంతమందో వస్తారు, మీవాళ్ళెవరో తేలదు. ఇంటిపేరూ పనికిరాదు. ఇప్పటి ‘నాయుడు’ చాలామందికి అక్కడికెళ్ళాక స్థిరపడిందే. కావాల్సింది కలోనియల్ నంబరు. ఓడ దిగిన ప్రతి మనిషికీ ఒకటి ఇచ్చారు. బామ్మగారి ట్రంకుపెట్టెలో పాత కాగితాలుంటే వాటిలో చూడండి. అది చేతికొస్తే తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఆఖరికి మోకాలి మీద మచ్చతో సహా ఒక్క వరుసలో దొరుకుతాయి.

ఇంట్లో చెప్పుకునే కథల్ని కూడా ఇది నిలదీస్తుంది. “తాతయ్య 1870లో వచ్చాడంట” అంటారు. 1866 నుంచి 1874 దాకా వలసే ఆగిపోయింది మరి!

అసలు తంటా జిల్లాలతో. ఒకావిడ మూలాలు వెతికిపెట్టే ఎవరో ఏజెంటుకి బోలెడు డబ్బిచ్చి, “మీ మూలాలు ఒరిస్సాలో” అన్న జవాబు పట్టుకుని వచ్చింది. జాబితాలో చూస్తే గంజాం, చికాకోల్ అని ఉంది. చికాకోల్ అంటే మా శ్రీకాకుళమేనమ్మా! 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా ఇది గంజాం జిల్లాలోనే ఉండేది. ‘నార్త్ ఆర్కాట్’ అని చూసి తమిళనాడు బయల్దేరేవాళ్ళకీ అదే మాట. 1911 దాకా చిత్తూరు అందులోదే.

ఊరి పేరు గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. తాలూకా ఖాయం చేసుకుని, ఆ పేరు పైకి చదివి వినిపిస్తే స్థానికులే పట్టేస్తారు. బస్సు కండక్టర్లయితే మరీ త్వరగా.

సొంత ఖర్చుతో వెళ్ళిన వ్యాపారులు ఇందులో ఉండరు. ఊళ్ళో మిగిలిపోయిన అన్నదమ్ముల ఊసూ ఉండదు. అది ఇక్కడికొచ్చి పెద్దవాళ్ళను అడగాల్సిందే.

ఆన్‌లైన్‌లో ఉచితంగానే చూడొచ్చు. ఏజెంటు డబ్బడిగితే, ఈ వరుస కాక ఇంకేం చూపిస్తావని ముందే అడగండి.