రెడీమేడ్ దత్తత పత్రం: రుజువుకు సరే, ఆస్తికి చాలదు

దస్తావేజు లేఖరుల దగ్గర దొరికే దత్తత పత్రం నమూనాలు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. దత్తత జరిగిందని చూపడానికి పనికొస్తాయి. కన్నవారింట బిడ్డకున్న ఆస్తిని కాపాడటంలో మాత్రం తేలిపోతాయి. నా మార్కు 5కి 2.

ముందు మంచి సంగతి. ఇచ్చినవారు, తీసుకున్నవారు సంతకం చేసిన రిజిస్టర్డ్ పత్రం ఉంటే, కాదని రుజువయ్యేదాకా దత్తత సక్రమమేనని కోర్టు భావిస్తుంది. 1956 హిందూ దత్తత చట్టం 16వ సెక్షన్ చెప్పేది అదే. నమూనాలో ఆ సంతకాల చోట్లు ఉంటాయి. భార్యాభర్తల్లో రెండోవారి సమ్మతి రాశారో లేదో మాత్రం చూసుకోండి.

"ఈ పత్రం ద్వారా దత్తత ఇస్తున్నాము" అన్న వాక్యం కొట్టేయించాలి. దత్తత జరిగేది బిడ్డను ఇచ్చి పుచ్చుకోవడంతోనే, కాగితంతో కాదు. "ఫలానా తేదీన ఇచ్చాము, పుచ్చుకున్నాము" అని రాయించండి. ఆస్తి లెక్కంతా ఆ తేదీ మీదే నడుస్తుంది.

అసలు చిక్కు "జన్మ కుటుంబ ఆస్తిలో ఇకపై ఏ హక్కూ లేదు" అనే క్లాజుతో వస్తుంది. 12వ సెక్షన్ ప్రకారం దత్తతతో కన్నవారితో బంధం తెగుతుంది కానీ, అప్పటికే బిడ్డకు సంక్రమించిన ఆస్తి బిడ్డదే. తండ్రి 2019లో వీలునామా లేకుండా పోయాడనుకోండి. స్వార్జితం 3 ఎకరాలు, వారసులు భార్య, ఇద్దరు పిల్లలు. 2022లో తల్లి ఒక బిడ్డను దత్తు ఇచ్చినా ఆ బిడ్డ వాటా ఎకరం బిడ్డ వెంటే వెళ్తుంది. (నాయనమ్మ బతికుంటే ఆమెకూ వాటా, అప్పుడు ముప్పావు ఎకరం.) తండ్రి పోయింది దత్తత తర్వాతైతే వీలునామా రాస్తే తప్ప ఏమీ రాదు. పైగా మైనరు స్థిరాస్తిని కోర్టు అనుమతి లేకుండా వదిలేసే అధికారం తల్లిదండ్రులకు లేదు. 18 నిండాక 3 ఏళ్లలోగా బిడ్డ దావా వేయొచ్చు. అంటే ఆ క్లాజు ఎవరికీ రక్షణ కాదు, తగాదాకు విత్తనం.

పిత్రార్జితం మరీ తిరకాసు. పంపకం కాని ఉమ్మడి ఆస్తిలోనూ దత్తు వెళ్లినవాడి వాటా నిలుస్తుందని 1981లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. 2023లో తెలంగాణ హైకోర్టు ఫుల్ బెంచ్ దాన్ని కాదంది: దత్తతకు ముందే పంపకమై చేతికొచ్చిన వాటా మాత్రమే నిలుస్తుంది. ఈ తీర్పు ఆంధ్రప్రదేశ్ కోర్టులకు కట్టుబాటు కాదు. ఏ రాష్ట్రంలోనైనా క్షేమమైన దారి, ముందు పంపకం రిజిస్టర్ చేసి ఆ తర్వాత దత్తత ఇవ్వడం.

నమూనాకు రెండు చేర్పులు అడగండి. ఒకటి, బిడ్డకు సంక్రమించిన ఆస్తి షెడ్యూల్: సర్వే నంబరు, విస్తీర్ణం, పాస్‌బుక్ నంబరు, మరణ ధ్రువపత్రం వివరాలు. రెండోది దత్తత తీసుకున్నవారి ఆస్తి గురించి. 13వ సెక్షన్ ప్రకారం వాళ్లు మొత్తం వేరేవాళ్లకు రాసేయొచ్చు, అలా జరగకూడదంటే వద్దనే ఒప్పందం ఉండాలి, దాన్ని ఈ పత్రంలోనే రాయించండి. రద్దు చేసుకునే హక్కు ఉందని ఎవరైనా రాస్తే నవ్వి కొట్టేయండి, సక్రమ దత్తతకు రద్దు లేదు.

శిశుగృహం నుంచి తెచ్చుకునే బిడ్డకు ఈ కాగితం అక్కర్లేదు. అక్కడ 2022 సెప్టెంబరు నుంచి కలెక్టరు ఉత్తర్వే దత్తత. సంక్రమించిన ఆస్తి నియమం అక్కడా ఉంది.