క్యాన్సరేమోనని భయం: ఫుల్ బాడీ చెకప్పా, పెట్ స్కానా, ఒకే డాక్టరా? ఏది మేలు?

నెలల తరబడి ఒంట్లో నలత. కడుపులో బరువు, మందగించిన ఆకలి, పడుకుని లేచినా తీరని నీరసం, మెడ పక్కన చేతికి తగిలే చిన్న గడ్డ. డాక్టరుకు చూపిస్తే గ్యాస్ అనో టెన్షన్ అనో మాత్రలు రాశారు. తగ్గలేదు. అప్పటినుంచి క్యాన్సరేమోనన్న అనుమానం మనసును వదలదు. పగలు పనిలో పడి మరిచిపోయినా రాత్రి పక్క మీదికి చేరగానే తిరిగొస్తుంది.

ఇలాంటి మనిషికి తలా ఒక సలహా ఇస్తారు. ల్యాబ్‌లో ఫుల్ బాడీ ప్యాకేజీ చేయించుకోమని ఒకరు, ఏకంగా ఒళ్లంతా చూసే పెట్ స్కాన్ తీయించుకోమని ఒకరు, క్యాన్సర్ ఆసుపత్రికే వెళ్లమని ఇంకొకరు. ఒక్క డాక్టరునే నమ్ముకుని, గడువులు పెట్టుకుని వెతికించుకోమని చెప్పేవాళ్లు తక్కువ. నా మొగ్గు మాత్రం దానివైపే. కారణాలు చెప్పేముందు, ఈ బేరీజుతో పనే లేనివాళ్ల సంగతి చూద్దాం.

నోట్లో పుండు మూడు వారాలైనా మానకపోయినా, రొమ్ములో గడ్డ తగిలినా, ముద్ద మింగుడు పడకపోయినా, మూత్రంలో రక్తం కనిపించినా, ముట్లుడిగాక మళ్లీ రక్తస్రావమైనా, మలంలో రక్తం పడుతూ విరేచనం తీరు మారినా, గొంతు మూడు వారాలకు మించి బొంగురుగానే ఉన్నా ఏది మేలని ఆలోచిస్తూ కూర్చోవద్దు. ఈ వారమే సంబంధిత డాక్టరుకు చూపించాలి. శ్రీకాకుళం, విశాఖ తీరపు పల్లెల్లో చుట్ట నిప్పును నోటి లోపలికి పెట్టి అడ్డపొగ తాగే అలవాటున్న ఆడవాళ్లు అంగిట్లో మచ్చ కనిపించినా ఆగకూడదు. ఈ లక్షణాలున్న వాళ్లలో కూడా ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. కానీ ఆ మాట పరీక్ష చేశాకే అనాలి. రొమ్ములో గడ్డయితే డాక్టరు చేత్తో చూడటం, మామోగ్రామ్ లేదా అల్ట్రాసౌండ్, సూదితో ముక్క తీసి చూడటం, ఇవన్నీ కలిపి తేలుస్తారు. చేత్తో తడిమి "కొవ్వు గడ్డేనమ్మా" అని పంపించేస్తే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.

ఇక ప్యాకేజీ. అరవై, డెబ్బై, ఎనభై పరీక్షలు కొన్ని వేల రూపాయల్లో అయిపోతాయని, ఇంటికే వచ్చి రక్తం తీసుకుంటామని అంటారు. ఇక్కడ చిన్న లెక్క ఉంది. రక్త పరీక్షల్లో నార్మల్ అని గీసే హద్దులు చాలావరకు ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో 95 శాతం మంది ఇమిడేలా గీసినవి. అంటే ఏ జబ్బూ లేని మనిషికి కూడా ఒక్కో పరీక్షలో హద్దు దాటే అవకాశం 5 శాతం. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేయిస్తే, కనీసం ఒకటైనా తేడాగా వచ్చే అవకాశం 64 శాతం. 60 చేయిస్తే 95 శాతం. భయంతో ఉన్న మనిషి చేతికి ఎర్ర అక్షరాల రిపోర్టు వస్తుంది, దాన్ని విడమరిచి చెప్పే మనిషి మాత్రం ప్యాకేజీలో ఉండడు.

ఆ ప్యాకేజీలకు తగిలించే ట్యూమర్ మార్కర్లు, అంటే కొన్ని క్యాన్సర్లలో రక్తంలో పెరిగే పదార్థాల పరీక్షలు, ఇంకా గందరగోళం. సీఏ-125 అండాశయ క్యాన్సర్‌లో పెరుగుతుంది. నెలసరిలోనూ, గర్భసంచిలో ఫైబ్రాయిడ్లున్నా, గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ ఉన్నా, కడుపులో టీబీ ఉన్నా పెరుగుతుంది. పోనీ నార్మల్ వస్తే నిశ్చింతేనా అంటే అదీ లేదు. అండాశయ క్యాన్సర్ మొదటి దశలో ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి అది పెరగదు. పెద్దపేగు క్యాన్సర్‌కు చూసే సీఈఏ పొగతాగేవాళ్లలో ఎక్కువగా ఉంటుంది. మగవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్‌కు చూసే పీఎస్‌ఏ, వయసుతో ఆ గ్రంథి ఉబ్బినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. ఇవి ప్రధానంగా, జబ్బు తేలినవాళ్లకు చికిత్స ఎలా పనిచేస్తోందో చూసుకోవడానికి పనికొచ్చేవి. అనుమానం తీర్చుకోవడానికి చేయించుకుంటే అనుమానం రెట్టింపవుతుంది.

పెట్ స్కాన్ మీద ఆశ మాత్రం నేను అర్థం చేసుకోగలను. మా అన్నయ్య కూడా బరువు తగ్గుతూ తిరిగిన రోజుల్లో, "ఒక్కసారి ఒళ్లంతా స్కాన్ తీయించుకుంటే ఈ పీడ వదులుతుంది కదే" అన్నాడు. ఆ యంత్రం ఏం చూస్తుందో తెలిస్తే ఆశ కొంత తగ్గుతుంది. గ్లూకోజులాంటి పదార్థానికి కొద్దిగా రేడియోధార్మికత జోడించి నరంలోకి ఎక్కిస్తారు. చక్కెరను ఎక్కువగా వాడుకునే చోటల్లా అది పోగై స్కాన్‌లో వెలుగుతుంది. క్యాన్సర్ కణాలు అలా వాడుకుంటాయి. టీబీ ఉన్న గ్రంథి, మానుతున్న పుండు, వాపు కూడా అలాగే వాడుకుంటాయి. టీబీ ఇంత ఎక్కువున్న మన దేశంలో వెలిగినదల్లా క్యాన్సర్ అనుకోవడానికి లేదు. సెంటీమీటరు కన్నా చిన్నవి దొరకకపోవచ్చు, నెమ్మదిగా పెరిగే కొన్ని రకాలు సరిగా వెలగవు. జీర్ణాశయం లోపలి పొర మీద తొలిదశ మార్పు కనిపెట్టాలంటే కెమెరా గొట్టంతో లోపల చూసే ఎండోస్కోపీయే చేయాలి. రేడియేషన్ సంగతి కూడా చూడండి. దాన్ని మిల్లీసీవర్ట్లలో కొలుస్తారు. ఛాతీ ఎక్స్-రేకు 0.1 మిల్లీసీవర్ట్ లేదా అంతకన్నా తక్కువ. పెట్-సీటీకి, సీటీ తీసే పద్ధతిని బట్టి, 10 నుంచి 25 దాకా. ఫలానా చోట జబ్బుందని గట్టి ఆధారం దొరికినప్పుడు ఈ స్కాన్ ఎంతో విలువైనది. ఆధారం లేకుండా వెతుకులాటకు వాడితే కొత్త మచ్చలు, కొత్త సూది పరీక్షలు, కొత్త నిద్రలేని రాత్రులు.

లక్షణాల్లేకుండా వెతికితే ఏమవుతుందో దక్షిణ కొరియా అనుభవం చెబుతుంది. అక్కడ 1999లో జాతీయ క్యాన్సర్ పరీక్షల కార్యక్రమం మొదలైంది. అందులో థైరాయిడ్ లేదు. కానీ ఎలాగూ వచ్చారు కదా అని, కొద్దిపాటి అదనపు రుసుముకు ఆసుపత్రులు మెడకు అల్ట్రాసౌండ్ చేయసాగాయి. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ తేలినవాళ్ల రేటు 1993తో పోలిస్తే 15 రెట్లయింది. ఆ క్యాన్సర్‌తో చనిపోయేవాళ్ల రేటు మాత్రం మారలేదు. ఎన్నడూ హాని చేయని గడ్డల కోసం వేలమంది గ్రంథి తీయించుకుని జీవితాంతం మాత్రలకు అలవాటుపడ్డారు.

నేరుగా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె., బసవతారకం, విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, ఇవి చికిత్సకు మంచి చోట్లు. కానీ ఆంకాలజిస్టు, అంటే క్యాన్సర్ డాక్టరు, చికిత్స చేసేది ప్రధానంగా ఆచూకీ దొరికిన జబ్బుకు. "ఏదో తేడాగా ఉంది సార్" అని వెళితే ఆయనా మళ్లీ ఫిజీషియన్ దగ్గరికే పంపుతారు. ఆ వార్డు వరండాలో నాలుగు గంటలు కూర్చుని వచ్చిన మనిషికి ఉన్న భయం పెరుగుతుంది తప్ప తగ్గదు.

మిగిలింది ఒకే డాక్టరు. ఎం.డి. జనరల్ మెడిసిన్ చదివిన, చెప్పేది వినే ఫిజీషియన్ ఒకరిని ఎంచుకోవడం. బరువు తగ్గడాన్నే తీసుకోండి. ప్రయత్నం లేకుండా ఆరు నెలల నుంచి ఏడాదిలోపు ఒంటి బరువులో 5 శాతం తగ్గితే, అంటే 60 కిలోల మనిషి 3 కిలోలు తగ్గితే, కారణం వెతకాల్సిందే. మన దగ్గర ముందు చూడాల్సినవి షుగరు, థైరాయిడ్, టీబీ, దిగులు. ఆ డాక్టరు సీబీపీ (రక్తకణాల లెక్క), ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ జాడ), షుగరు, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), లివర్, కిడ్నీ పరీక్షలు, మూత్రం, ఛాతీ ఎక్స్-రే, కడుపు అల్ట్రాసౌండ్ రాస్తారు. లెక్కకు ఇవీ తొమ్మిది. కానీ ప్రతిదానికీ ఒక ప్రశ్న ఉంది. మగవాళ్లలో, ముట్లుడిగిన ఆడవాళ్లలో ఐరన్ లోపం వల్ల రక్తం తగ్గితే, ఎక్కడైనా పేగుల్లోంచి కారుతోందా అని ఎండోస్కోపీ, పెద్దపేగును చూసే కొలనోస్కోపీ దాకా వెళ్తారు. దగ్గు రెండు వారాలు దాటితే కఫం పరీక్ష, అది ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. మెడ గడ్డ తగ్గకపోతే సూది పరీక్ష. మన దగ్గర మెడ గ్రంథులు వాయడానికి టీబీ పెద్ద కారణం. ఒక మెట్టు మీద దొరికినదాన్ని బట్టి తర్వాతి మెట్టు.

రాయించిన పరీక్షలన్నీ నార్మల్ వచ్చి, లక్షణం అలాగే ఉంటే? ఈ దారిలో కష్టమైన ఘట్టం ఇదే. చాలామంది ఇక్కడే డాక్టరును మారుస్తారు, కొత్తాయన మళ్లీ మొదటినుంచి మొదలుపెడతారు. నాలుగైదు చోట్ల తిరిగినా ఎవరికీ మొత్తం కథ తెలియదు. అదే డాక్టరును మూడు మాటలు అడగాలి: "దేని గురించి అనుమానపడ్డారు, ఏది కాదని తేలింది? ఏ మార్పు కనిపిస్తే వెంటనే రావాలి? ఏమీ మారకపోయినా మళ్లీ ఎప్పుడు రావాలి?" తేదీతో సహా జవాబు చెప్పే డాక్టరును వదులుకోవద్దు. ఈ మాటలకు విసుక్కునే డాక్టరునైతే మార్చడమే మంచిది, రిపోర్టులన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని. వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద లక్షణం ఎప్పుడు మొదలైంది, పెరుగుతోందా, వారానికోసారి ఒకే కాటా మీద చూసుకున్న బరువు, రాత్రి జ్వరం కొలత రాసుకెళ్లండి. డెన్మార్క్‌లో 2012 ప్రాంతంలో, స్పష్టంగా చెప్పలేని లక్షణాలున్నవాళ్ల కోసమే ప్రత్యేక కేంద్రాలు ఏర్పాటు చేశారు. అక్కడికి పంపినవాళ్లలోనూ ఎక్కువమందికి క్యాన్సర్ తేలదు. మన దగ్గర అలాంటి ఏర్పాటు మామూలుగా ఉండదు కాబట్టి ఆ పని మన ఫిజీషియన్ చేతే చేయించుకోవాలి.

అన్నయ్యకు కారణం ఇప్పటికీ తేలలేదు. మూడు నెలలు అదే డాక్టరు దగ్గరికి వెళ్లాడు. బరువు తగ్గడం ఆగింది, తర్వాత మెల్లగా పెరిగింది.

భయానికి విడిగా మందు కావాలి, ఇది చెప్పకుండా ఏ బేరీజూ పూర్తికాదు. తీవ్రమైన జబ్బు ఉండే అవకాశం తక్కువున్నవాళ్లకు పరీక్ష నార్మల్ అని తేలినా ఆందోళన పెద్దగా తగ్గదని 2013లో, 14 ప్రయోగాలను కలిపి చూసిన సమీక్షలో వెల్లడైంది. స్కాన్ ఇచ్చిన ఊరట కొన్నాళ్లకే కరిగిపోయి, "అప్పుడు లేదు సరే, ఇప్పుడు?" అన్న ప్రశ్న మొదలవుతుంది. గడ్డను రోజుకు పదిసార్లు నొక్కి చూస్తే అది నొప్పిపెడుతుంది, ఆ నొప్పే కొత్త లక్షణమవుతుంది. ఆందోళన వల్ల గొంతు పట్టేసినట్టుండటం, తిమ్మిర్లు, కండరాలు అదరడం, విరేచనాలు నిజంగానే వస్తాయి. అవి నటనా కాదు, బలహీనతా కాదు. ఆలోచనల తీరును మార్చే సీబీటీ చికిత్స ఈ ఆరోగ్య భయానికి బాగా పనిచేస్తుంది. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తే ఒంటి జబ్బు వెతకడం ఆపేస్తారనుకోవద్దు, రెండూ పక్కపక్కనే నడపవచ్చు. దగ్గర్లో ఎవరూ లేకపోతే 2022లో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఓర్చుకుని ఊరుకునేవాళ్లు, ముఖ్యంగా ఇంట్లో అందరికీ వండిపెట్టి తన నలతను దాచుకునే తల్లులు, ఈ నాలుగు దారుల్లో దేన్నైనా సరే ముందు పట్టుకోవాలి. ముప్పై దాటినవాళ్లకు ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్లకు ఉచిత పరీక్షలున్నాయి. ఊళ్లో ఆశా కార్యకర్తను అడిగితే ఏ రోజు చేస్తారో చెబుతుంది.