లెదర్ కుట్టే పెద్ద మిషన్ ఇంట్లో పెట్టుకుని ఏడు నెలలు: మిషన్‌కి నాలుగు స్టార్లు, మోటారుకి ఐదు, షాపుకి ఒకటిన్నర

ముందే చెప్పేస్తున్నా, నేను టైలర్నీ కాదు, చెప్పుల పనివాణ్ణీ కాదు, విజయవాడలో అకౌంట్స్ రాసుకునే ఉద్యోగం నాది, సాయంత్రాలు లెదర్‌తో పర్సులూ బెల్టులూ చేసుకోవడం ఓ పిచ్చి. మూడేళ్ళు చేత్తోనే కుట్టా, రెండు సూదులు, మైనం రాసిన దారం, వరసగా బొక్కలు పొడుచుకుంటూ. చేతి కుట్టు గట్టిదనం వేరు, ఒక దారం తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది, కాదనను. కానీ మా ఆవిడ ఆఫీసుకి పెద్ద బ్యాగ్ ఒకటి చేసిపెట్టమంది, కుట్టు మొత్తం ఎంతొస్తుందా అని టేపు పెట్టి కొలిస్తే ఐదు మీటర్లు దాటింది, ఒకసారి నా వేళ్ళ వైపు చూసుకుని మిషన్ కోసం వెతకడం మొదలెట్టా.

మొదట అందరూ చేసే తప్పే నేనూ చేశా. ఇంట్లో అమ్మ పాత నల్ల మిషన్ ఉంది కదా అని 18 నంబర్ సూది బిగించి రెండు పొరల లెదర్ దాని కింద దూర్చా. ఇంటి మిషన్‌లో గుడ్డని లాగేవి కింద ఉన్న పళ్ళు మాత్రమే, పైనున్న ఫుట్ ఊరికే నొక్కి పట్టుకుంటుంది అంతే. లెదర్ ఆ ఫుట్‌కి అతుక్కుపోతుంది, కింద పొర ముందుకెళ్తుంది, పై పొర అక్కడే ఉంటుంది, చివరికొచ్చేసరికి రెండు అంచులూ పావు అంగుళం తేడా. ఫుట్ కింద టెఫ్లాన్‌ది పెడితే కొంచెం నయం, పల్చటి లెదరైతే ఒక పర్సు లాగించొచ్చు. నేను ఆగలేదు, మూడు పొరలు పెట్టా, సూది విరిగింది, షటిల్ టైమింగ్ (సూదీ, కింద దారం పట్టే షటిలూ కలిసే లెక్క) పోయింది, దాన్ని రిపేరు చేయించేదాకా అమ్మ నాతో మాట్లాడలేదు.

ఇక అసలు మిషన్. జుకీ డీఎన్‌యూ-1541 అని సోఫాలు, కారు సీట్లు, బ్యాగులు కుట్టేవాళ్ళ దగ్గర బాగా పేరున్న మిషన్ ఒకటుంది, నేను కొన్నది అదే నమూనాలో వేరే కంపెనీ చేసిన కాపీ. పేరు రాయను, ఎందుకంటే ఇలాంటివి ఒకే పోలికతో చాలా పేర్ల మీద వస్తాయి. దీని గొప్పంతా లాగే పద్ధతిలో ఉంది. సూది లెదర్‌లోకి దిగి, దిగినచోట ఆగకుండా లెదర్‌తో పాటే వెనక్కి జరుగుతుంది, లోపలి ఫుట్ సూదితో కలిసి నడుస్తుంది, కింద పళ్ళు కూడా అదే సమయానికి జరుగుతాయి, ఆ తర్వాత బయటి ఫుట్ వచ్చి నొక్కి పట్టుకుంటే మిగతావి మళ్ళీ ముందుకెళ్తాయి. అంటే పొరలన్నిటినీ సూదితో గుచ్చి పట్టుకుని ఒక్కటిగా జరుపుతుందన్నమాట, ఇంక ఏ పొర ఎక్కడికి జారుతుంది? కుట్టు పొడవు 9 మిల్లీమీటర్ల దాకా వెళ్తుంది, నేను పర్సుకి మూడున్నర, బ్యాగుకి నాలుగున్నర దగ్గర పెడతా. బాబిన్ పెద్దది, పైనుంచి పలక జరిపి వేసేయొచ్చు.

ఒక్క స్టారు ఎందుకు తగ్గించానంటే ఇది బల్లపరుపు మిషన్. పర్సు, బెల్టు, బ్యాగు పక్కలు, ఇలా పరిచి కుట్టేవన్నీ దీని మీద అద్భుతం. బ్యాగుని డబ్బాలా నిలబెట్టి మూలలు కుట్టాలంటే మాత్రం నరకం, దానికి గొట్టంలాంటి చెయ్యి ఉన్న మిషన్ కావాలి. ఇంకోటి, గుర్రపు జీను లాంటి మందపు పని దీంతో అవ్వదు, దానికి 441 రకం అని ఇంకా బరువైనవి వేరే ఉన్నాయి. పైగా లోపలి ఫుట్ లెదర్ మీద చిన్న అచ్చులు దింపుతుంది, నేను ఫుట్ అడుగున గరుకు అంచులు సన్నటి ఎమెరీ పేపర్‌తో నున్నగా చేసి, ప్రెజర్ స్క్రూ బాగా వదులు చేశాక చాలావరకు తగ్గాయి.

షాపు సంగతికొద్దాం. ఊరూ పేరూ వద్దు. మిషన్, బల్ల, స్టాండ్, సర్వో మోటారు (పెడల్ తొక్కినప్పుడే తిరిగే రకం) కలిపి యాభై ఎనిమిది వేలు మాట్లాడుకున్నాం, కాగితం మీద సర్వో అనే రాశారు. ఇంటికొచ్చింది క్లచ్ మోటారు. ఫోన్ చేస్తే “సర్వో ఎందుకు సార్, మా దగ్గర తీసుకునేవాళ్ళంతా క్లచ్చే వాడతారు, లైఫ్ ఎక్కువ” అన్నాడు. నిజమే, రోజుకి ఎనిమిది గంటలు సీట్ కవర్లు కుట్టేవాళ్ళకి అదే బాగుంటుందేమో, వాళ్ళ కాలికి ఆ అలవాటుంది. స్విచ్ వేస్తే చాలు క్లచ్ మోటారు నిమిషానికి 1400 పైన చుట్లు తిరుగుతూ గుర్రుమంటూనే ఉంటుంది, మనం కుట్టినా కుట్టకపోయినా, పెడల్ తొక్కితే ఆ వేగాన్ని మిషన్‌కి తగిలిస్తుంది. నేను మొదటిసారి తొక్కితే కన్ను మూసి తెరిచేలోపు పర్సు అటు పక్కకెళ్ళిపోయి బల్ల మీద పడింది, కుట్టు వంకరటింకరగా అంచు దాటేసింది. గుడ్డైతే విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు, లెదర్‌లో సూది దిగినచోట బొక్క జన్మంతా బొక్కే.

అప్పుడు అర్థమైంది నాకు, ఈ మిషన్ల కాగితాల మీద నిమిషానికి 2500 కుట్లు అని రాసుంటుంది, మనం అది చూసి మురిసిపోతాం, కానీ మనలాంటి సరదా పనివాళ్ళు డబ్బు పెట్టి కొనుక్కోవాల్సింది స్పీడు కాదు, నెమ్మది. సెకనుకి ఒక్క కుట్టు పడాలి, అదీ మూడు పొరల మీద ఆగిపోకుండా. ఆ నెమ్మది మిషన్‌లో రాదు, మోటారులో వస్తుంది, పుల్లీలో వస్తుంది, బల్లలో వస్తుంది.

మూడు వారాలు రోజూ ఫోన్ చేస్తే (ఒక రోజు ఆఫీసు నుంచి, ఒక రోజు మా బావమరిది ఫోన్ నుంచి, ఎందుకంటే నా నంబర్ ఎత్తడం మానేశారు) చివరికి సర్వో పంపారు, పాతది తీసుకెళ్ళడానికి ఆటో డబ్బులు కూడా నేనే ఇచ్చా. ఒకటిన్నర స్టార్లలో ఆ అర స్టారు దాన్ని బిగించడానికి వచ్చిన కుర్రాడిది, పాపం మంచోడు, గంటన్నర కూర్చుని అంతా చూపించాడు.

సర్వోకి ఐదుకి ఐదు. 550 వాట్లది, తొక్కినప్పుడే తిరుగుతుంది, వదిలితే చప్పుడే ఉండదు, రాత్రి పదింటికి కూడా కుట్టుకోవచ్చు. ముందు ఒక డయల్ ఉంటుంది, గరిష్ఠ వేగం అక్కడ తగ్గించేసుకోవచ్చు. కానీ అదొక్కటే చాలదు, బాగా తగ్గిస్తే మందం దగ్గర మోటారు తడబడుతుంది. దానికి మందు పుల్లీ, అంటే బెల్టు తిరిగే చక్రం. మోటారుకున్న పుల్లీ తీసి చిన్నది వేయించా, అప్పుడు మోటారు ఎక్కువ తిరిగితేగానీ మిషన్ చక్రం ఒక చుట్టు తిరగదు, వేగం తగ్గుతుంది, గుచ్చే బలం పెరుగుతుంది, సైకిల్ గేరు లాగే. పుల్లీ చిన్నదైతే బెల్టు వదులవుతుంది కాబట్టి రెండంగుళాలు తక్కువ నంబర్ బెల్టు వేయాల్సొచ్చింది. రెండూ కలిపి వెయ్యి రూపాయలు కూడా అవ్వలేదు, మొత్తం సెటప్‌లో నేను పెట్టిన అన్ని ఖర్చుల్లో విలువైనది ఇదే. సూదిని తనంతట తానే పైకి లేపి ఆపే సెన్సర్ కూడా వచ్చింది, అది తీసి పక్కన పెట్టా, మూల తిరిగేటప్పుడు నాకు సూది లెదర్‌లో దిగే ఉండాలి, అది నా మాట వినదు.

బల్ల గురించి ఎవరూ రాయరు, అందుకే కొంచెం ఎక్కువ రాస్తా. మిషన్ తలకాయ ఒక్కటే 35 కిలోల పైన ఉంటుంది, మాది రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, ఇద్దరు మనుషులు మెట్ల మీద మధ్యలో మూడుసార్లు ఆగారు. బల్ల నాలుగడుగుల పొడవు, 20 అంగుళాల వెడల్పు, దాన్ని మా వెనక గది తలుపులోంచి నిలువుగా తిప్పి దూర్చాల్సొచ్చింది, మీరు ముందే కొలుచుకోండి. స్టాండ్ కాళ్ళ కింద పాత లారీ టైరు ముక్కలు కోసి పెట్టా, అప్పటిదాకా కింద ఫ్లాట్ అంకుల్‌గారు “బాబూ, పైన పిండిమర పెట్టారా” అని అడిగేవారు.

అసలు విషయం ఎడమ పక్క. ఈ బల్లలు చిన్న పనులకి సరిపోతాయి గానీ, పెద్ద బ్యాగు ముక్క కుట్టేటప్పుడు అది బల్ల దాటి కిందకి వేలాడుతుంది, ఆ బరువు లెదర్‌ని లాగుతుంది, లాగితే సూది వంగుతుంది, వంగితే కుట్టు ఎగిరిపోతుంది (అంటే అక్కడ కుట్టు పడదు), లేదా సూది కింద పలకకి తగిలి టప్‌మని విరుగుతుంది. నెలన్నర దారం టెన్షన్ (బిగువు) తప్పు అనుకుని టెన్షన్ స్క్రూలు తిప్పుకుంటూ కూర్చున్నా! చివరికి ఎడమ పక్కనా వెనకా బల్ల ఎత్తుకి సమానంగా ప్లైవుడ్ చెక్కలు వేయించా, మీద సన్‌మైకా, లెదర్ జారుతూ వెళ్ళేలా. ఆ రోజు నుంచి కుట్టు ఎగరడం దాదాపు లేదు. లైటు కూడా మెడ వంచుకునే మాగ్నెట్ ఎల్ఈడీది ఒకటి సూది పక్కనే అతికించండి, నల్ల లెదర్ మీద నల్ల దారం ట్యూబ్‌లైటు వెలుతుర్లో ఏమీ కనపడదు. ఎర్తింగ్ ఉన్న ప్లగ్గుకే పెట్టండి, మాకు మొదట్లో ఒంటికి సన్నగా జుమ్మనేది.

సూది దారాల దగ్గర షాపువాళ్ళు ఇచ్చింది అక్కరకు రాలేదు. 135×17 అని గుడ్డ కుట్టే గుండ్రటి మొన సూదులు ఇచ్చారు. లెదర్‌కి అదే పొడవు, అదే కాడ ఉండే 135×16 అడగాలి, వాటి మొన చిన్న కత్తిలా కోస్తుంది. అందులోనూ ఎల్ఆర్ మొన అయితే కుట్టు కొంచెం వాలుగా పడుతుంది, చేతికుట్టు పోలిక వస్తుంది, నాకదే ఇష్టం. లోపల గుడ్డ లైనింగ్ ఒక్కటే కుట్టేటప్పుడు మాత్రం గుండ్రటిదే వేయండి, కత్తి మొన పోగుల్ని తెంపేస్తుంది. దారం బాండెడ్ నైలాన్. ఇక్కడ దారం టికెట్ నంబర్లలో అమ్ముతారు, నంబర్ తగ్గేకొద్దీ దారం లావు, నేను మొదట తిరగేసి అర్థం చేసుకుని కొని తెచ్చుకున్నా. పర్సులకి టికెట్ 40 దారం, 18 నంబర్ సూది. బ్యాగు పట్టీలకి టికెట్ 20, 22 నంబర్ సూది. లావు దారం సన్న సూదిలో వేస్తే పోగులు లేచి తెగుతుంది, సన్న దారం లావు సూదిలో వేస్తే బొక్క పెద్దదై ముడి కింద నుంచి కనపడుతుంది.

అతికించడానికి ఎస్ఆర్ 998 అనే గమ్ము వాడతా, చెప్పుల షాపుల్లో ఘాటుగా వాసన వస్తుందే అలాంటి బాపతు, కిటికీ తెరిచి పెట్టుకోండి. కుట్టు పడే చోట పల్చగా రాసి పూర్తిగా ఆరనివ్వాలి, లేకపోతే గమ్ము సూదికి పట్టుకుని కుట్లు ఎగురుతాయి. చివర్లో వెనక్కి కుట్టడం మోటారుతో కాదు, చేత్తో చక్రం తిప్పుతూ అవే బొక్కల్లో మూడు కుట్లు, దారం కోసి లైటర్‌తో కొస కరిగించి చుక్కలా చేసేయడం.

నూనె జాగ్రత్త. కొత్త మిషన్‌కి రంధ్రాల్లో తెల్లటి మిషన్ ఆయిల్ వేస్తూ ఉండాలి, కానీ వేసిన వెంటనే మంచి లెదర్ పెట్టకండి. చెట్టు బెరడుతో పదును చేసిన రంగు వేయని లెదర్ నూనె చుక్కని బ్లాటింగ్ పేపర్‌లా పీల్చేసుకుంటుంది, ఆ మచ్చ ఇంక పోదు. నా మొదటి బెల్టు మీద నడుం మధ్యలోనే ఉంది అలాంటిది. ఇప్పుడు ముందు చెత్త ముక్క మీద రెండు అడుగులు కుట్టి, ఫుట్ తుడిచి, అప్పుడు అసలుది.

లెదర్ ఎక్కడ అని అడిగేవాళ్ళకి: నేనైతే పొద్దున్నే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై సెంట్రల్‌లో దిగి పెరియమేట్ నడిచి వెళ్తా, స్టేషన్‌కి ఆనుకున్నట్టే ఉంటుంది, లెదర్ షాపులే షాపులు. వాణియంబాడి, ఆంబూరు వైపు నుంచి వచ్చే సరుకు. చదరపు అడుగుల్లో అమ్ముతారు, వెనక వైపు 18 మీద చిన్న 2 అని ముద్ర ఉంటే పద్దెనిమిదిన్నర అని, పైనున్న చిన్న అంకె పావులు. అది తెలియక మొదటిసారి నేను 182 అడుగులా అని అడిగితే షాపతను నవ్వి టీ తెప్పించాడు.

సర్వీసు ఒక్కసారే అవసరం పడింది. ఐదో నెలలో దారం షటిల్‌లో చుట్టుకుని మిషన్ బిగుసుకుపోయింది, మళ్ళీ టైమింగ్ పోయిందని కూలబడ్డా. షాపుకి ఫోన్ చేస్తే మెకానిక్‌ని పంపడానికి పదిహేను వందలు, వచ్చే వారం అన్నారు. అప్పుడు మోటారు బిగించిన కుర్రాడికే చేశా. ఇందులో సేఫ్టీ క్లచ్ ఉంటుందంట, షటిల్ ఇరుక్కుంటే విరగకుండా అదే వదిలేస్తుంది, దారం ముక్కలు శుభ్రంగా లాగేసి, చిన్న బటన్ నొక్కిపట్టి చక్రాన్ని గట్టిగా వెనక్కి తిప్పమన్నాడు. టక్‌మని పడింది, అంతే. కొనేటప్పుడు ఈ క్లచ్ ఉందా లేదా అని అడగండి, కొన్ని కాపీల్లో తీసేస్తారు.

పక్కన మోటారు బెల్టు మీద కవర్ కూడా అడిగి తీసుకోండి, మాకు ఇవ్వలేదు. మా పాప వేళ్ళు అటు పోతాయని ప్రస్తుతానికి నేనే ఒక లెదర్ కవర్ కుట్టి తగిలించా. నాలుగు కుట్లు వంకర.