లండన్ పనివాళ్ల కుటుంబాల జాడ తీయడానికి అప్రెంటిస్ రికార్డులు: చాలాకాలం వాడాక

పద్దెనిమిదో శతాబ్దపు లండన్‌లో గడియారాలో, వెండి సామానో, రాగి రేకుల మీద చెక్కి అచ్చువేసే బొమ్మలో చేసిన ఒక కుటుంబం జాడ తీయాలనుకున్నవాళ్లు ముందుగా తెరిచేది అప్రెంటిస్ (ఒప్పందం మీద పని నేర్చుకోవడానికి చేరిన కుర్రాడు) సుంకం రిజిస్టర్లనే. అవి లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఐఆర్ 1 అనే గుర్తు కింద, 1710 నుంచి 1811 దాకా ఉన్నాయి. ఏన్సెస్ట్రీ అనే చందా వెబ్‌సైట్‌లో పేజీల ఫొటోలతో సహా చూడొచ్చు. ఏళ్ల తరబడి వీటితో పనిచేశాక నా తీర్పు ఇది: రికార్డు గట్టిదే, కానీ మొదట తెరవాల్సింది ఇది కాదు. ఒకే పనిలో రెండు మూడు తరాలు నడిచిన కుటుంబమైతే ఫ్రీడమ్ పత్రాలతో (నగరంలో సొంతంగా వ్యాపారం చేసుకునే హక్కు పత్రాలు) మొదలుపెట్టాలి. వెండిపని అయితే ముద్రల రిజిస్టర్లు (సామాను మీద పనివాళ్లు కొట్టే గుర్తుల పుస్తకాలు) కూడా పక్కన పెట్టుకోవాలి. సుంకం రిజిస్టరు మూడోది.

కారణం సులువే. దాన్ని రాసినవాళ్లకు కావలసింది పన్ను, వంశవృక్షం కాదు. కుర్రాణ్ని పనిలో చేర్చుకున్నందుకు మాస్టర్ తీసుకునే ప్రీమియం మీద 1710 మే 1 నుంచి సుంకం పడింది. 50 పౌన్ల వరకు పౌనుకు 6 పెన్నీలు, అంతకు మించితే పౌనుకు 1 షిల్లింగు (అప్పట్లో పౌనుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు). డబ్బు చేతులు మారితేనే సుంకం, సుంకం కడితేనే పద్దు. సొంత కొడుక్కి పని నేర్పే తండ్రి ప్రీమియం ఎవరి దగ్గర తీసుకుంటాడు? మన కంసాలి ఇళ్లలో నాన్న కుంపటి దగ్గర కూర్చుని పని నేర్చుకున్న పిల్లాడికి కాగితం లేనట్టే, అక్కడా సుంకం వాళ్ల పుస్తకంలో అలాంటి కుర్రాడికి చోటు లేదు. పారిష్ (ఊరి చర్చి పరిధి) ఖర్చుతోనో ధర్మసంస్థ ఖర్చుతోనో చేరిన పేదపిల్లలకు మినహాయింపు ఉండేది కాబట్టి వాళ్లూ కనిపించరు. చివరికి మిగిలేది బయటి కుటుంబం నుంచి డబ్బు కట్టి వచ్చినవాళ్లు. వెండిపని వాడి మనవడి కోసం వెతికితే పాదిరీ కొడుకు దొరుకుతాడు.

ఇంత చెప్పాక, దీన్ని ఎలా చదవాలో కూడా చెప్పాలి, ఎందుకంటే చదవడం తెలిస్తే ఇది ఇచ్చేది తక్కువేమీ కాదు. ఒక్కో పద్దు పొడవాటి వరసలో సాగుతుంది: సుంకం కట్టిన తేదీ, మాస్టర్ పేరు, ఊరు, వృత్తి, అప్రెంటిస్ పేరు, ఒప్పందం తేదీ, ఎన్నేళ్లకు, ప్రీమియం ఎంత, సుంకం ఎంత. సుమారు 1752 దాకా కుర్రాడి తండ్రి పేరు, తండ్రి ఊరు కూడా రాసేవాళ్లు. ఆ తర్వాత అది అరుదైపోయింది. 1740 నాటి పద్దు దొరికితే ఒక తరం వెనక్కి వెళ్లడానికి దారి దొరికినట్టే. 1770 నాటి పద్దులో ‘జాన్ స్మిత్’ దొరికితే మాత్రం ఏ జాన్ స్మితో తేల్చడానికి వేరే ఆధారం కావాలి.

అంకెలు చదవడంలో సందేహం వస్తే చివరి రెండు గడులనూ ఒకదానితో ఒకటి సరిచూసుకోవాలి. 50 పౌన్ల లోపు ప్రీమియం అయితే సుంకం అందులో నలభయ్యో వంతు, 50 దాటితే ఇరవయ్యో వంతు. 20 పౌన్లకు 10 షిల్లింగులు రావాలి. చెక్కుడు బొమ్మల పని నేర్చుకోవడానికి కవి, చిత్రకారుడు విలియమ్ బ్లేక్ 1772 ఆగస్టులో జేమ్స్ బజైర్ దగ్గర చేరినప్పుడు ప్రీమియం 52 పౌన్ల 10 షిల్లింగులు. ఆ మొత్తానికి రేటు ప్రకారం సుంకం 2 పౌన్ల 12 షిల్లింగుల 6 పెన్నీలు అవుతుంది. గుమస్తా రాతలో 1కీ 7కీ, 3కీ 5కీ తేడా తెలియనప్పుడు ఈ లెక్కే దారి చూపిస్తుంది. రెండూ పొసగకపోతే మీరు చదివింది తప్పు, లేదా పక్క వరసలోకి జారిపోయారు. పొడవాటి పేజీలో కన్ను జారడం మామూలే. అందుకే స్క్రీన్ మీద ఒక స్కేలో, కాగితం ముక్కో అడ్డం పెట్టుకోవడం మంచిది.

తేదీలు ఇంకా ఎక్కువ ఇబ్బంది పెడతాయి. ఒప్పందం గడువు పూర్తయ్యాక కూడా ఏడాది దాకా సుంకం కట్టే వీలుండేది. అంటే 1735లో చేరినవాడి పద్దు 1736 పుస్తకంలో ఉండొచ్చు, 1742 పుస్తకంలోనూ ఉండొచ్చు. ఒక ఏడాది చూసి ‘లేడు’ అని మూసేయకూడదు, ఏడెనిమిదేళ్లు ముందుకు వెతకాలి. ఒప్పందం తేదీనీ సుంకం తేదీనీ వేర్వేరు గడుల్లో రాసుకోవాలి. ఇండెక్సుల్లో ఈ రెండింటినీ కలిపేయడం తరచుగా కనిపించే తప్పు. పైగా 1752 ముందు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. పుస్తకంలో 1720 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో అది 1721. అలాంటి తేదీని 1720/21 అని రాసుకుంటే తర్వాత తికమక ఉండదు. ఇది పట్టించుకోకపోతే తండ్రి చనిపోయాక పుట్టిన బిడ్డ, చేరకముందే విడుదలైన అప్రెంటిస్ లాంటి వింతలు మీ పట్టికలో తయారవుతాయి.

ఇక ఫ్రీడమ్ పత్రాలు. అప్పట్లో లండన్ నగరంలో సొంతంగా దుకాణం పెట్టి వ్యాపారం చేసుకోవాలంటే ‘ఫ్రీమన్’ కావాల్సి ఉండేది. దానికి మూడు దారులు: అప్రెంటిస్‌గా గడువు పూర్తిచేయడం, తండ్రి ఫ్రీమన్ కావడం వల్ల వారసత్వంగా పొందడం, డబ్బు కట్టి కొనుక్కోవడం. కుటుంబాల జాడ తీసేవాళ్లకు బంగారం లాంటిది రెండో దారి. సుంకం పుస్తకంలో లేని కొడుకు ఇక్కడ తండ్రి పేరుతో, తండ్రి లివరీ కంపెనీ (వృత్తి సంఘం) పేరుతో సహా దొరుకుతాడు. తండ్రి ఫ్రీమన్ అయ్యాక పుట్టిన బిడ్డకే ఈ హక్కు. కాబట్టి తండ్రి ఫ్రీడమ్ తేదీ తెలిస్తే కొడుకు అంతకు ముందు పుట్టలేదని తేలిపోతుంది. చర్చి బాప్టిజం పుస్తకాల్లో ఒకే పేరున్న ఇద్దరు పిల్లలుంటే వాళ్లలో ఒకణ్ని కొట్టేయడానికి ఈ నియమం చాలాసార్లు సరిపోతుంది. కూతుళ్లకూ ఈ హక్కు ఉండేది, కాకపోతే వాడుకున్నవాళ్లు తక్కువ.

ఈ పత్రాలు 1681 నుంచి ఉన్నాయి. అసలు కాగితాలు లండన్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి (2024 దాకా దాని పేరు లండన్ మెట్రోపాలిటన్ ఆర్కైవ్స్), వాటి ఫొటోలు ఏన్సెస్ట్రీలో ఉన్నాయి. అప్రెంటిస్‌గా వచ్చినవాడి పత్రం చాలాసార్లు అసలు ఒప్పంద కాగితమే. దాని వెనక పక్క తప్పకుండా చూడాలి. మాస్టర్ చనిపోతేనో దివాలా తీస్తేనో కుర్రాణ్ని వేరే మాస్టర్‌కు అప్పగించేవాళ్లు, ఆ మాట ఉంటే వెనక పక్కనో అంచునో ఉంటుంది. ఇండెక్స్ మొదటి మాస్టర్ పేరే చూపిస్తుంది. ఆరేళ్లు పని నేర్పింది రెండో వాడయినా సరే, ఇండెక్స్‌కు ఆ సంగతి తెలియదు. తర్వాతి ఫొటో నొక్కితే గానీ కనిపించదు.

ఇక్కడ కొత్తవాళ్లందరూ పడే గొయ్యి ఒకటుంది: కంపెనీ పేరునే వృత్తి అనుకోవడం. లండన్ ఆచారం ప్రకారం ఏ లివరీ కంపెనీ ఫ్రీమన్ అయినా ఏ పనైనా చేసుకోవచ్చు. బ్లేక్ మాస్టర్ బజైర్ చేసింది రాగి రేకుల మీద చెక్కుడు పని, ఉన్నది స్టేషనర్స్ కంపెనీలో. గడియారాల వాళ్లకు సొంత కంపెనీ 1631లో గానీ రాలేదు. ఆ తర్వాత కూడా కమ్మరుల కంపెనీలోనే ఉండిపోయిన గడియారాల వాళ్లు ఉన్నారు. కంపెనీ వారసత్వంగా వస్తుంది, పని మారిపోతుంది. తాత పని తెలుసుకోవాలంటే ఫ్రీడమ్ పత్రం ఒక్కటీ చాలదు, సుంకం రిజిస్టర్లో వృత్తి గడి చూడాలి. నేను దాన్ని మూడో స్థానంలోనైనా ఉంచుతున్నది ప్రధానంగా ఆ ఒక్క గడి కోసమే.

లండన్ లివరీ కంపెనీల రికార్డుల వెబ్‌సైట్, రోల్కో, ఉచితం. అప్రెంటిస్ పేరుతో వెతికితే మాస్టర్, మాస్టర్ పేరు నొక్కితే అతని దగ్గర చేరినవాళ్లందరూ వస్తారు. గురుశిష్యుల గొలుసు గీయడానికి దీన్ని మించింది లేదు. లోటు ఏమిటంటే అన్ని కంపెనీలూ అందులో లేవు, ఉన్నవాటికీ కాలపరిధి ఒక్కోదానికి ఒక్కో రకం. వెతికే ముందు ఆ పట్టిక చదవాలి. ‘ఫలితాలు లేవు’ అంటే మనిషి లేడని కాదు, ఆ పుస్తకం ఎక్కించలేదని కావచ్చు. గొలుసును కూడా గుడ్డిగా నమ్మకూడదు. గడియారాల పనివాడు జార్జ్ గ్రాహమ్ 1688లో అప్రెంటిస్‌గా చేరింది హెన్రీ ఆస్క్ దగ్గర. గడియారాల పనిలో పేరుమోసిన థామస్ టాంపియన్ దుకాణానికి వచ్చింది గడువు పూర్తయ్యాక. తర్వాత టాంపియన్ సోదరుడి కూతురిని చేసుకున్నాడు, 1713లో టాంపియన్ పోయాక వ్యాపారం అతనిదైంది. అప్రెంటిస్ పుస్తకాలు మాత్రమే చూస్తే ఈ ఇద్దరికీ సంబంధమే కనిపించదు. పెళ్లి రిజిస్టరూ వీలునామా తెరవాల్సిందే.

గడువు ముగియడానికీ ఫ్రీమన్ కావడానికీ మధ్య ఖాళీ ఉంటే కంగారు పడక్కర్లేదు. వెండిపనిలో పేరుమోసిన పాల్ డి లామరీ 1703లో పియర్ ప్లాటెల్ దగ్గర చేరి 1713లో గానీ ఫ్రీమన్ కాలేదు. పని నేర్చుకున్నాక ఫ్రీడమ్ రుసుము కట్టే స్థోమత వచ్చేదాకా జీతానికి పనిచేసినవాళ్లు చాలామంది. జీవితాంతం అలా ఉండిపోయినవాళ్ల పేరు ఫ్రీడమ్ పత్రాల్లో అసలు రాదు.

వెండి కుటుంబాలకు బంగారు, వెండి పనివాళ్ల కంపెనీ భవనమైన గోల్డ్‌స్మిత్స్ హాల్‌లో ముద్రల రిజిస్టర్లు ఉన్నాయి. బన్‌హిల్ రోలోని బేట్‌మన్ కుటుంబం చూస్తే వాటి విలువ తెలుస్తుంది. 1760లో భర్త జాన్ పోయాక హెస్టర్ బేట్‌మన్ 1761లో తన పేరున ముద్ర నమోదు చేయించింది. 1790లో పీటర్, జొనాథన్ అనే కొడుకుల ముద్ర వచ్చింది. మరుసటి ఏడు జొనాథన్ పోగా అతని భార్య ఆన్ పేరు పీటర్ పక్కన చేరింది. 1800లో ఆన్ కొడుకు విలియమ్ కలిశాడు, 1805లో ఆన్ పేరు తప్పుకుంది, 1815 నుంచి విలియమ్ ఒక్కడే. చావు, వారసత్వం, పదవీ విరమణ అన్నీ ముద్ర అక్షరాల్లోనే తెలిసిపోతాయి. హెస్టర్, ఆన్ ఇద్దరూ అప్రెంటిస్ దారిలో వచ్చినవాళ్లు కాదు. వితంతువులుగా దుకాణం అందుకున్నారు. ఆడవాళ్లను పట్టుకోవాలంటే ముద్రలూ వీలునామాలే దిక్కు. పీటర్ మాత్రం అప్రెంటిస్‌గా చేరాడు, కానీ రిచర్డ్ క్లార్క్ దగ్గర. క్లార్క్ అతనికి బావ. ఇంటిపేరుతో మాత్రమే వెతికేవాడికి ఇది తగలదు. అందుకే కూతుళ్ల పెళ్లిళ్లు ముందు రాసుకుని, అల్లుళ్ల ఇంటిపేర్లతో మాస్టర్ల జాబితా వెతకాలి.

ఈ రిజిస్టర్లలో రెండు పుస్తకాలు లేవు: చిన్న సామాను చేసేవాళ్లది 1739 నుంచి 1758 దాకా, పెద్ద సామాను వాళ్లది 1758 నుంచి 1773 దాకా. ఆ ఖాళీలో పడినవాళ్ల ముద్రలకు పుస్తకాల్లో చెప్పే యజమానులు చాలావరకు ఊహే. 1773 పార్లమెంటు కమిటీ నివేదికలో అప్పటి పనివాళ్ల పేర్ల జాబితా ఉంది, అది కొంత పూడుస్తుంది.

ట్రేడ్ డైరెక్టరీల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. లెస్టర్ విశ్వవిద్యాలయం ఉచితంగా పెట్టినవి సరిపోతాయి. అందులో ఉండేది దుకాణం ఉన్నవాళ్లే, కూలికి చేసేవాళ్లు ఉండరు. చనిపోయినవాడి పేరు ఒకటి రెండేళ్లు అలాగే అచ్చవుతూ ఉంటుంది. ఒకే పేరున్న తండ్రీకొడుకుల విషయంలో ఇది ప్రమాదం: బజైర్ ఇంట్లో తాత, కొడుకు, మనవడు ముగ్గురూ జేమ్స్‌లే, ముగ్గురూ చెక్కుడు పనివాళ్లే. చిరునామా మారిన ఏడాది పట్టుకుంటే తరం మారిన ఏడాది దగ్గరపడుతుంది. 1710లో పుట్టిన సన్ ఫైర్ ఆఫీస్ అగ్ని బీమా పద్దులు ఇక్కడ ఇంకా బాగా పనికొస్తాయి. ఇల్లు ఇటుకదా చెక్కదా, సరుకు, పనిముట్ల విలువ ఎంత, పక్క వాటాలో ఎవరున్నారు అన్నవి కూడా వాటిలో ఉంటాయి. పనిముట్ల విలువ హఠాత్తుగా పెరిగితే దుకాణం ఎవరో అందుకున్నారని అనుమానించి ఆ ఏడాది వీలునామాలు చూడొచ్చు.

ఖర్చు సంగతి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని చేసేవాళ్లు ముందు రోల్కో, లెస్టర్ డైరెక్టరీలు, 1674 నుంచి 1913 దాకా ఉన్న ఓల్డ్ బెయిలీ కోర్టు కథనాలు, దివాలా ప్రకటనలకు లండన్ గెజెట్ పూర్తిచేయాలి. ఈ నాలుగూ ఉచితమే. పేర్లు, ఏళ్లు, అల్లుళ్ల ఇంటిపేర్లతో జాబితా సిద్ధమయ్యాక ఒక్క నెల చందా కట్టి ఫ్రీడమ్ పత్రాలూ సుంకం పేజీలూ రెండు పక్కలా డౌన్‌లోడ్ చేసుకుంటే చాలు, ఏడాది చందా అనవసరం. లండన్‌లో ఉన్న తెలుగువాళ్లకు, చుట్టపుచూపుగా వెళ్లేవాళ్లకు అదీ అక్కర్లేదు. క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్ కంప్యూటర్ల మీద ఏన్సెస్ట్రీ, అలాంటిదే మరో వెబ్‌సైట్ ఫైండ్‌మైపాస్ట్ రెండూ ఉచితంగా చూసుకోవచ్చు.